బి.ఎడ్. ఆపాలా, పీహెచ్‌డీ ఆపాలా? ముందు క్యాలెండర్ తియ్యమ్మా

ప్రశ్న: మేడమ్, నేను విశాఖలో బి.ఎడ్. రెండో సంవత్సరం, బయాలజీ మెథడాలజీ. మా ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ మూడో ఏడాది, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తోంది. పెద్ద వాల్తేరులో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాం. ఆయన పాపం నాకు వంటలో హెల్ప్ చేస్తారు. నాకిప్పుడు ఐదో నెల, నవంబర్ 20 డేట్ ఇచ్చారు. జులై మొదటి వారం నుంచి స్కూల్ ఇంటర్న్‌షిప్. అమ్మావాళ్లు ఈ ఏడాది ఆపేసి నరసన్నపేట వచ్చెయ్యమంటున్నారు. మామగారేమో మా ఆయన్ని పీహెచ్‌డీ వదిలేసి పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏడో నెల శ్రీమంతానికి పంతులుగారు గురువారం ముహూర్తం చెప్పారు, అది కూడా స్కూల్ ఉండే రోజే. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మా ఇద్దరిలో ఎవరు ఆపాలి?

జవాబు: నీ ఉత్తరంలో ఏదో ఒకటి ఆపేయమని చెప్పేవాళ్లు ముగ్గురున్నారు, క్యాలెండర్ తీసి రోజులు లెక్కపెట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ పనేదో మనం చేద్దాం. పెన్ను, కాగితం తెచ్చుకో, మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో, ఎందుకంటే ఇందులో సగం లెక్క అతనిదే.

ఇంటర్న్‌షిప్ 16 వారాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 96, రెండో శనివారాలూ పండగలూ పోతే ఇంకాస్త తక్కువ. టీచర్ కోర్సులకి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ నిబంధన ప్రకారం క్లాసులకి 80 శాతం హాజరు చాలు కానీ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. అంటే నీ చేతిలో ఉన్నవి గట్టిగా తొమ్మిది రోజులు. మధ్యలో దసరా సెలవులు కలుపుకుంటే ఇదంతా నవంబర్ మొదటి వారానికి తేలుతుంది, నీ డేట్‌కి రెండు వారాల ముందు. ఇరుకే, కాదనను. కానీ అసాధ్యమా అంటే కాదు, ఆ తొమ్మిది రోజుల్ని నెలాఖరులో జీతం డబ్బుల్లా ఆచితూచి ఖర్చుపెడితే.

ఎలాగో చెప్తాను. నీకిప్పుడు 19 వారాలు. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసేది) 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు కాబట్టి అది ఈ వారమే, ఇంటర్న్‌షిప్ మొదలవకముందే చేయించేసుకో. షుగర్ టెస్ట్ 24–28 వారాల మధ్య, అంటే నీకు ఆగస్టులో. గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు, అటూ ఇటూ కలిపి ఒక పూట పోతుంది, దాన్ని రెండో శనివారానికి పెట్టుకో. చెకప్‌లు 28 వారాల దాకా నెలకొకటి, అక్కణ్ణుంచి 36 దాకా పదిహేను రోజులకొకటి, ఆ తర్వాత వారం వారం. సాయంత్రం చూసే డాక్టరైతే వీటిలో చాలావాటికి సెలవే అక్కర్లేదు. సర్కారు ఆసుపత్రిలో చూపించుకుంటుంటే పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ కోసం నిలబడాలి, కాబట్టి నాలుగైదు రోజులు దానికి రాసుకో. మిగిలిన నాలుగూ కాళ్లు వాచిన రోజుకి, కళ్లు తిరిగిన రోజుకి. పెళ్లిళ్లకీ, పేరంటాలకీ అందులోంచి ఒక్కటీ ఇవ్వకు. అయితే ఒకటి, డాక్టర్ గనక బెడ్ రెస్ట్ అంటే ఈ లెక్కంతా చించెయ్. అక్కడ నా సలహా పనికిరాదు, డాక్టర్ మాటే.

ఇక నిజమైన చిక్కు ఇంటర్న్‌షిప్‌ది కాదమ్మా, నాలుగో సెమిస్టర్‌ది. నవంబర్ ఆఖరున పురుడు పోసుకున్నావనుకో, డిసెంబర్ అంతా పోయినట్టే, సంక్రాంతి సెలవులు అయ్యాక కాలేజీకి వెళ్లినా 80 శాతం అందడం కష్టం. మీ ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, నీకూ తట్టలేదు. ఇక్కడే నీకు కాగితం కావాలి.

నా సంగతి ఒకటి చెప్తాను. మా పెద్దాడు కడుపులో ఉండగా నేను ఎం.ఎస్సీ. ఫైనల్‌లో ఉన్నాను. ఒక్క ఏడాదే కదా అన్నారు అందరూ. నేనూ వెళ్లి మా హెడ్ మేడమ్‌కి నోటిమాటగా చెప్పి వచ్చేశాను, ఆవిడ పాపం సరేనమ్మా జాగ్రత్త అని పంపించారు. ఏడాదిన్నర తర్వాత తిరిగి వెళితే ఆవిడకి బదిలీ అయిపోయింది, ఆఫీసులో రిజిస్టర్ తీస్తే నా పేరు పక్కన ఎర్ర ఇంకుతో 'డిస్‌కంటిన్యూడ్' అని ఉంది, సిలబస్ కూడా మారిపోయింది. ఆ ఒక్క ఏడాది నాకు నాలుగేళ్లయింది. అందుకే ఒక్క ఏడాదే కదా అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాబట్టి ఈ వారమే ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాయి. డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ జత చెయ్, అందులో డెలివరీ తేదీ స్పష్టంగా ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకటి ఆఫీసులో ఇచ్చి రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, స్టాంపు వేయించుకుని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో. గుమాస్తా 'అక్కర్లేదమ్మా, మేం చూసుకుంటాంలే' అంటాడు. నవ్వుతూ నిలబడు, స్టాంపు పడేదాకా కదలకు.

ఉత్తరంలో ఏం అడగాలి? ఒకటి, ఇంటికి దగ్గర స్కూల్. పెద్ద వాల్తేరు నుంచి ఆటోలో పది నిమిషాల్లో చేరే జీవీఎంసీ (నగర కార్పొరేషన్) హైస్కూల్ ఏదైనా ఇవ్వమను, మధురవాడ అవతల వేశారంటే రోజూ రెండు గంటలు బస్సుల్లోనే పోతాయి. రెండు, ఒకవేళ డేట్‌కి ముందే పురుడొస్తే మిగిలిపోయిన లెసన్లు తర్వాత పూర్తి చేసే వీలు. మూడు, నాలుగో సెమిస్టర్‌లో ప్రసూతి సెలవు, ఆ మేరకు హాజరులో మినహాయింపు. మూడోది అడుగుతున్నప్పుడు 2021 డిసెంబర్ 14 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) లేఖని ప్రస్తావించు. యూజీ, పీజీ చదివే అమ్మాయిలకి కూడా ప్రసూతి సెలవు, హాజరు, పరీక్ష ఫారం గడువు లాంటివాటిలో సడలింపులకి తగిన నిబంధనలు పెట్టుకోమని అన్ని యూనివర్సిటీలకీ రాసిన లేఖ అది. చాలామంది 26 వారాల సెలవు అనే మాట పట్టుకుని వెళ్తారు, అది 2017లో చట్ట సవరణతో వచ్చింది, ఉద్యోగినులకి వర్తించేది, విద్యార్థులకి కాదు. ఆఫీసులో ఆ మాట అన్నావంటే నీకేమీ తెలియదని ఒక్క నిమిషంలో తేల్చేస్తారు.

లేఖంటే లేఖే, చట్టం కాదు, కాలేజీ నసగొచ్చు. అప్పుడు ఇంకో సంగతి చేతిలో ఉంచుకో. 2023 మేలో ఢిల్లీ హైకోర్టుకి సరిగ్గా నీలాంటి కేసే వెళ్లింది, ఎం.ఎడ్. చదివే అమ్మాయి ప్రసూతి సెలవు అడిగితే యూనివర్సిటీ కుదరదంది. కోర్టు ఆ తిరస్కరణని కొట్టేసి, సెలవు సర్దుబాటు చేస్తే హాజరు సరిపోతుందేమో మళ్లీ చూడమని చెప్పింది. పిల్లలా చదువా అని ఒక ఆడమనిషిని ఎంచుకోమనడం సరికాదన్నదే ఆ తీర్పు సారం. ఢిల్లీ తీర్పు మన కాలేజీని నేరుగా కట్టెయ్యదు, కానీ మర్యాదగా రాసిన ఉత్తరంలో ఒక వాక్యంగా ఉంటే ప్రిన్సిపాల్ దాన్ని యూనివర్సిటీకి పంపడానికి సాకు దొరుకుతుంది. వాళ్లకి కావాల్సింది చాలాసార్లు అదే.

ఇంత చేసినా ఒప్పుకోలేదనుకో, అప్పుడు పోయేది నాలుగో సెమిస్టర్ ఒక్కటే. దాన్ని జూనియర్లతో కలిసి పూర్తి చేసుకుంటావు, ఇంటర్న్‌షిప్ అప్పటికే నీ ఖాతాలో ఉంటుంది. ఇప్పుడే ఆపేస్తే రెండూ పోతాయి. జనవరిలో తీసుకోగలిగిన నిర్ణయాన్ని జూన్‌లో తీసుకోవడం దేనికి?

రోజువారీ సంగతికొద్దాం. స్కూల్లో చేరిన మొదటిరోజే హెడ్‌మాస్టర్‌కి చెప్పి క్లాసులో కుర్చీ అడుగు, సిగ్గుపడకు. బయాలజీ కదా, పాఠాలకి చూపించే నీ టీఎల్ఎం చార్టులన్నీ, గుండె, మూత్రపిండం, పత్రరంధ్రం, ఈ పది రోజుల్లోనే వేసేసుకో, ఎనిమిదో నెలలో నేల మీద కూర్చుని చార్టు వేయడం నీ వల్ల కాదు. లెసన్లు కూడా జులై, ఆగస్టుల్లో ఎక్కువ లాగేసి అక్టోబర్‌కి తక్కువ మిగుల్చుకో. మనిషిని అరగదీసేది పాఠం చెప్పడం కాదు, రాత్రి పది దాకా రాసే రికార్డులు. స్కూల్లో ఖాళీ పీరియడ్‌లోనే రోజుకి రెండు రాసేసెయ్.

ఇప్పుడు మీ ఆయన సంగతి. నీ ఉత్తరంలో ఒక మాట పట్టుకున్నాను: 'ఆయన పాపం నాకు వంటలో హెల్ప్ చేస్తారు' అని రాశావు. బాబూ, చదువుతున్నావా? హెల్ప్ అనే మాట నవంబర్ దాకా మీ ఇంట్లో వినపడకూడదు. పొద్దున ఇడ్లీ పిండి ఉందో లేదో చూసుకోవడం, ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకుందో లేదో గుర్తు పెట్టుకోవడం, బట్టలు ఆరేయడం, ఇవి నీ పనులు. ఆమె సాయం చేస్తే చేస్తుంది. ఇంకోటి, ల్యాబ్‌లో టోలుయీన్, డీసీఎం లాంటి ద్రావకాలు పట్టుకున్న కోటుతో ఇంటికి రావద్దు. కోటు డిపార్ట్‌మెంట్‌లోనే వదిలెయ్, ఇంట్లో అడుగుపెట్టగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతుకు. కెమిస్ట్రీ వాడివి, నేను చెప్పాల్సిన పనిలేదు, కానీ తెలిసినవాళ్లే ఎక్కువ మర్చిపోతారు.

పీహెచ్‌డీ మాత్రం వదలొద్దు. 2023 జనవరి నుంచి ఉన్న రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, రెండేళ్లు దాటి అసెస్‌మెంట్ అయితే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం). మూడో ఏడాది అంటున్నావు, ఆ అసెస్‌మెంట్ అయిందా? కాకపోతే రేపే గైడ్ దగ్గరికి వెళ్లు బాబూ. పరవాడలో ఫ్రెషర్ కెమిస్ట్‌గా చేరితే ఇంత చేతికి రావడం కష్టం, పైగా షిఫ్టులు, నైట్ డ్యూటీకి బస్సెక్కితే పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రి ఎవరుంటారు? మామగారికి ఫెలోషిప్, అక్కడి జీతం పక్కపక్కన రాసి చూపించమ్మా, ఆయన అడుగుతున్నది ఉద్యోగం కాదు, భరోసా. ఫెలోషిప్‌తో ఉన్న జబ్బల్లా ఆలస్యం, యూనివర్సిటీ నుంచి నెలనెలా కన్ఫర్మేషన్ వెళ్లకపోతే డబ్బు పడదు. అందుకని అక్టోబర్‌కల్లా మూడు నెలల అద్దె, ఖర్చు పక్కన పెట్టుకోండి.

గైడ్‌కి బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పు బాబూ, నవంబర్ 19న కాదు. యూజీసీ 2022 నిబంధనల్లో 240 రోజుల సెలవు మహిళా స్కాలర్లకే రాశారు, నీకు గైడ్ మంచితనమే దిక్కు. పొడుగాటి రియాక్షన్లు, కాలమ్‌లు అక్టోబర్ లోపు ముగించి, డిసెంబర్, జనవరి ఇంట్లో కూర్చుని పేపర్, థీసిస్ చాప్టర్ రాసే పనికి ఉంచుకుంటానని చెప్తే ఏ గైడైనా వింటాడు. చేరినప్పటినుంచి ఆరేళ్ల దాకా గడువుంది, ఒక సీజన్ నెమ్మదించినా కొంప మునగదు.

పురుడు ఎక్కడ అన్నది మీ అమ్మగారితో మాట్లాడాల్సిన మాట. తొలి కానుపు పుట్టింట్లోనే అనేది వాళ్లకి పట్టింపు, నాకు తెలుసు. కానీ ఇంటర్న్‌షిప్ ముగిసేసరికి నీకు 38వ వారం వస్తుంది, ఆ టైంలో నరసన్నపేటకి మూడు గంటల ప్రయాణం చేసి, ఇన్నాళ్లూ చూసిన డాక్టర్ని వదిలి కొత్తచోట చేరడం నాకైతే నచ్చదు. అమ్మనే అక్టోబర్ ఆఖరుకి వైజాగ్ రమ్మను. 'పుట్టిల్లంటే ఊరు కాదమ్మా, నువ్వే' అంటే కాదనదు. బాలింత పథ్యం, కాపడం, వెల్లుల్లి కారం అన్నీ ఆ ఒక్క గదిలోనే జరిగిపోతాయి. మీ ఆయన నెల్లాళ్లు వంటింట్లో చాప వేసుకుంటాడు, ఏం పర్లేదు. నువ్వు కాలేజీకి వెళ్లే రోజులు వచ్చేసరికి నీ పాలు పిండి దాచిపెట్టడం అలవాటు చేసుకో, అందుకోసమైనా చిన్న ఫ్రిజ్ ఒకటి కొనండి.

ఖర్చు భయం ఉంటే ఘోషాసుపత్రి ఉంది, కేజీహెచ్ ఉంది, సర్కారీ ఆసుపత్రిలో సిజేరియన్ అయినా డబ్బు కట్టక్కర్లేదు. అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించుకున్నావా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. అర్హత ఉంటే మాతృ వందన యోజన కింద తొలి కానుపుకి 5,000 వస్తాయి, రెండు విడతల్లో, మొదట 3,000, బిడ్డ పుట్టాక టీకాలు పడ్డాక 2,000. పెద్ద మొత్తమేం కాదు, కానీ ఆ ఫ్రిజ్‌కి కొంత అవుతుంది.

సీటెట్ (కేంద్ర టీచర్ అర్హత పరీక్ష) సంగతి నువ్వు అడగలేదు కానీ చెప్తాను. బి.ఎడ్. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, పాసైతే జీవితాంతం చెల్లుతుంది. పేపర్-2 (ఆరు నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకి) మీదే దృష్టి పెట్టు, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బి.ఎడ్.తో ప్రైమరీ పోస్టులకి దారి లేదు. పుస్తకం ఇప్పుడు కొనకు, బిడ్డకి మూడో నెల వచ్చాక చూద్దాం.

ఇక శ్రీమంతం. పంతులుగారికి ఫోన్ చేసి ఆ నెలలోనే ఆదివారం ఏదైనా చూడమని మీ అత్తగారి చేతే అడిగించు, నువ్వడిగితే పట్టుదలకి పోతారు. దొరక్కపోతే గురువారం సాయంత్రం, స్కూల్ వదిలాక గాజులు తొడిగించుకో. ఆటోలో వెళ్తావు కదా, చీర మార్చుకునే టైం ఉంటుంది.