కొత్త గ్రోవ్ పెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పిన్ని ఆశీస్సులు.

మిన్నియాపొలిస్‌లో నువ్వూ ఇంకో ఇద్దరూ కలిసి డ్రూయిడ్ గ్రోవ్, అంటే పాత కెల్టిక్ పూజారుల పేరున కలిసి పూజలు చేసుకునే బృందం, మొదలుపెడదామనుకుంటున్నారని రాశావు. ఏం కొనాలి, ఎంతమంది కావాలి అని అడిగావు. ముగ్గురు చాలు, కొనాల్సినవీ తక్కువే. ముందు తేలాల్సింది తేదీలు. సౌవిన్ (అక్టోబర్ చివర), శీతకాలపు అయనం, ఇంబోల్క్ (ఫిబ్రవరి మొదట్లో), వసంత విషువత్తు, బెల్టెయిన్ (మే మొదట్లో), వేసవి అయనం, లూనసా (ఆగస్టు మొదట్లో), శరద్ విషువత్తు. ఏడాదికి ఈ ఎనిమిది పండగలూ జరపాలి. ఒక్కో దానికి దగ్గర్లో పడే ఆదివారాన్ని ఇప్పుడే గుర్తుపెట్టుకుని, ఏడాది మొత్తానికీ ఒకేసారి ప్రకటించెయ్యి. వేళ మారకూడదు, వీలైనంతవరకు చోటూ మారకూడదు. అక్టోబర్ చివర ఒకసారి వచ్చి వెళ్ళిన మనిషికి మళ్ళీ ఫిబ్రవరిలో బుద్ధి పుడుతుంది. ఎవరికీ ఫోన్ చేసి అడక్కుండా నేరుగా వచ్చి నిలబడగలగాలి. ఇద్దరే వచ్చినా, వాన పడినా పూజ జరగాలి. రెండు పండగలు వరసగా రద్దు చేశావంటే మూడోదానికి నీ స్నేహితులు కూడా రారు.

వచ్చినవాళ్ళు మొదట అడిగే మాట ‘ఇది ఎంత పాతది?’ అని. ఉన్నదున్నట్టు చెప్పు. పాతకాలపు డ్రూయిడ్లు తమ విద్యను రాతలో పెట్టలేదు. సీజర్, ప్లినీ, టాసిటస్ లాంటి రోమన్లు, అంటే బయటివాళ్ళు, రాసిందాని మీదే ఎక్కువగా ఆధారపడాలి. పరంపర తెగిపోయింది. 18వ శతాబ్దంలో లండన్‌లో డ్రూయిడ్ పేరుతో సంఘాలు పుట్టాయి. 1792లో అక్కడి ప్రిమ్‌రోజ్ హిల్ మీద వెల్ష్ కవుల సభ జరిపిన ఇయోలో మోర్గాన్వగ్ ప్రాచీనమని చూపించిన రాతల్లో చాలావరకు తనే కల్పించాడని తర్వాత తేలింది. డ్రూయిడ్లే నిలబెట్టారని చాలామంది అనుకునే ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్ళు డ్రూయిడ్ల పేరు చరిత్రలో వినపడటానికి సుమారు రెండు వేల ఏళ్ళ ముందే లేచాయి. ‘మాది మూడు వేల ఏళ్ళ సంప్రదాయం’ అని గొప్పలు పోయేవాడు మీ మధ్యకు వస్తే నవ్వి ఊరుకోకు, అక్కడికక్కడే సరిదిద్దు. ఒకసారి పాకిన అబద్ధాన్ని తర్వాత పట్టుకోలేం.

మన వరస చిన్నదే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీకు నలభై మైళ్ళ దూరంలోని నార్త్‌ఫీల్డ్‌లో, కార్ల్‌టన్ కాలేజీలో, ప్రార్థనలకు హాజరు తప్పనిసరి అన్న నిబంధన మీద నిరసనగా 1963లో కొందరు విద్యార్థులు డ్రూయిడ్ పూజలు మొదలుపెట్టారు. మరుసటి ఏడు నిబంధన పోయింది, పూజలు మాత్రం ఆగలేదు. ఆ శాఖ నుంచి వచ్చిన ఐజాక్ బోన్‌విట్స్ 1983లో ఏడీఎఫ్ అనే డ్రూయిడ్ సంస్థను, అంటే మన మాతృసంస్థను, స్థాపించాడు. పూజకు బయటివాళ్ళెవరైనా రావచ్చనేది మొదటినుంచీ ఆ సంస్థ పద్ధతి. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. ఎవరింట్లోనో తలుపులేసుకుని నలుగురే చేసుకుంటే అది స్నేహబృందంగానే మిగిలిపోతుంది.

ఏడీఎఫ్‌లో కెల్టిక్ దేవతలే కాదు, నార్స్, గ్రీకు, బాల్టిక్, స్లావిక్, వైదిక సంప్రదాయాల వాళ్ళూ ఉంటారు. ఇక్కడ నీకొక మాట. హోమం చూసి పెరిగావు కాబట్టి నిప్పులో నెయ్యి వెయ్యడం నీకు వింత కాదు. అది చూసి నిన్నో సజీవ ప్రమాణంలా చూసేవాళ్ళు తయారవుతారు, ఐరిష్ పూజ నడుస్తుంటే మధ్యలో గాయత్రి చదవమంటారు. చదవకు. ఒక పూజకి ఒకే సంప్రదాయం. ఐరిష్ అయితే లోకాల మధ్య ద్వారాలు తెరిచే ద్వారపాలక దేవుడు మనన్నాన్, నార్స్ అయితే హైమ్‌డాల్, గ్రీకు అయితే హెర్మీస్. వైదిక పద్ధతిలో చేద్దామని అందరూ ఒప్పుకున్న రోజున అగ్నినే పిలుచుకోవచ్చు.

పూజ వరస ముందే ఖాయమై ఉంది, దాన్ని తిరగరాయకు. గంటో డోలో మోగించి మొదలుపెడతారు. నీళ్ళు చల్లి శుద్ధి, భూమాతకు తొలి నైవేద్యం, ఎందుకు కూడామో చెప్పడం. తర్వాత బావి, నిప్పు, చెట్టు అనే మూడింటితో మధ్యస్థలాన్ని నిలబెడతారు. ద్వారపాలకుణ్ణి పిలిచి ద్వారాలు తెరుస్తారు. పితరులను, ప్రకృతిలోని శక్తులను, దేవతలను ఆహ్వానించాక, ఆ పండగ ఎవరిదో వాళ్ళకి ముఖ్య నైవేద్యం. ఆపైన శకునం, ఆశీర్వాద జలం. చివర పిలిచినవాళ్ళందరికీ వెనక వరసలో కృతజ్ఞతలు చెప్పి, ద్వారాలు మూసి, భూమాతతో ముగిస్తారు. విక్కా అనే ఇంకో ఆధునిక మతం అలవాటున్నవాళ్ళు వృత్తం గీద్దామంటారు, నాలుగు దిక్కులను పిలుద్దామంటారు. ఈ పూజలో ఆ రెండూ లేవు. రక్తబలి అసలే లేదు.

తప్పులు జరిగేది సాధారణంగా రెండు చోట్ల. ‘ఎందుకు కూడాం’ అన్నది ఉపన్యాసమైపోతుంది, మూడు వాక్యాలు దాటనివ్వకు. రెండోది ముగింపు. చలేస్తుంటుంది, పక్కన పులుసు వేడిగా ఉంటుంది, ఎవరో ఒకరికి కృతజ్ఞత చెప్పడం మర్చిపోతారు, ద్వారాలు మూయకుండానే జనం చెదిరిపోతారు. ఎవరు పిలిచారో వాళ్ళే సాగనంపాలి అని నియమం పెట్టుకుంటే ఇది సగం తీరుతుంది. భాగాలు రెండు వారాల ముందే పంచు. పెద్ద అక్షరాలతో అట్టముక్కల మీద అచ్చు వేయించు. సౌవిన్ నాటికి తొందరగా చీకటి పడుతుంది, నెత్తిన కట్టుకునే దీపాలు రెండు ఉండాలి. పూజకు ముందు పది నిమిషాలు కొత్తవాళ్ళను కూర్చోబెట్టి ఏం జరుగుతుందో, ఎప్పుడు ఏమనాలో చెప్పు. తెలియక బిక్కుబిక్కుమంటూ నిలబడ్డవాళ్ళు రెండోసారి రారు.

శకునంలో అడిగేవి మూడు: నైవేద్యాలు అందాయా, బదులుగా ఏ ఆశీస్సులు ఇస్తున్నారు, మానుంచి ఇంకేం కోరుతున్నారు. రూన్లతో (పాత జర్మానిక్ అక్షరాలు చెక్కిన ముక్కలు) చూసినా, ఓఘం (పాత ఐరిష్ లిపి) పుల్లలతో చూసినా, మంచిది కానిదొస్తే మెత్తబరచి చెప్పకూడదు. ‘అందలేదు’ అని తేలితే మళ్ళీ నైవేద్యం పెట్టి మళ్ళీ చూస్తారు. ఈ పని మాత్రం నీ చేతిలో పెట్టుకోకు. నడిపించేవాళ్ళే శకునం కూడా చెబితే అది ఆజ్ఞలా వినిపిస్తుంది. వచ్చే పండక్కి చందా పెంచాలని రూన్లు చెప్పాయంటే ఎవరు కాదంటారు?

ఇక నిప్పు. మిన్నెసోటా లెక్కలో మంట అడ్డం మూడడుగులు, ఎత్తు మూడడుగులు దాటకపోతే అది క్యాంప్‌ఫైర్, చుట్టూ అయిదడుగుల మేర ఆకూ అలమూ లేకుండా ఊడ్చెయ్యాలి. నగరంలో, పార్కుల్లో నిబంధనలు ఇంకా గట్టిగా ఉండొచ్చు, ఆ పార్కు ఆఫీసులోనే అడుగు. మంచు కరిగి పచ్చిక ఇంకా లేవని ఏప్రిల్, మే నెలల్లోనే అక్కడ కార్చిచ్చులు ఎక్కువ. బెల్టెయిన్ సరిగ్గా అందులోనే పడుతుంది. ఆ వారం నిషేధం ఉందో లేదో పొద్దున్నే చూసుకో. నిషేధం ఉంటే గాజు చిమ్నీలో కొవ్వొత్తి పెట్టి చెయ్యి, పూజకు లోటేమీ ఉండదు. కట్టెలు దూరం నుంచి తేకు. యాష్ చెట్లను చంపే పచ్చ పురుగు కట్టెల్లోనే ఊళ్ళు దాటుతుంది, అందుకే రవాణా మీద ఆంక్షలున్నాయి. వాడే చోటికి దగ్గర్లోనే కొను, ఎండినవి చూసి కొను. పచ్చి కట్టె పొగకి గాలివాటున నిలబడ్డవాళ్ళు పూజంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంటారు.

ఒక మనిషి పని మంట దగ్గర నిలబడటమే. మంత్రాలు లేవు, భాగాలు లేవు. చేతికందేంత దూరంలో రెండు బకెట్ల నీళ్ళు, ఒక పార. విస్కీ గానీ, ఇంకే గాఢమైన సారా గానీ సీసాతో నేరుగా నిప్పులో పోయనివ్వకు. ధార వెంట మంట పైకెక్కి సీసాలోకి దూరుతుంది, పోసేవాళ్ళు భయపడి సీసాను విసిరేస్తారు, అది ఎదుటివాళ్ళ మీద పడుతుంది. సీసా మూత పెట్టి మూడు గజాల అవతల ఉంచాలి. పొడుగు కాడ ఉన్న గరిటెలో రెండు చెంచాలంత పోసి, ఆ గరిటెను మంట అంచు దగ్గరకి చాచి వంచాలి. నెయ్యీ నూనే అంతే, గరిటెడు చొప్పున. పాలియెస్టర్ అంగీలకి మంటంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలు గానీ ఉన్ని గానీ వేసుకోమను, వెడల్పు చేతులుంటే మడిచి పిన్ను పెట్టించు.

డిసెంబర్, ఫిబ్రవరి పూజలు మీ చలిలో బయట వద్దు. అన్ని నమ్మకాలవాళ్ళనూ చేర్చుకునే యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ చర్చి హాలు అడిగి చూడు, వాళ్ళలో పేగన్ల, అంటే పాత దేవతలను కొలిచేవాళ్ళ, శాఖే ఉంది కాబట్టి విచిత్రంగా చూడరు. లోపల నిప్పంటే కొవ్వొత్తే. నైవేద్యాలు ఒక గిన్నెలో వేయించి, అయ్యాక బయటికి తీసుకెళ్ళు. అగరు పొగకి అలారం మోగుతుందేమో హాలువాళ్ళని ముందే అడుగు.

నైవేద్యం విషయంలో జనానికి ఉత్సాహం ఎక్కువ, ఆలోచన తక్కువ. ఓట్స్, మొక్కజొన్న పిండి, ఎండు పూలు, నెయ్యి లాంటివి తెమ్మని ముందే చెప్పు. కిస్‌మిస్, చాక్లెట్ నేల మీద వదిలితే కుక్కలకి విషం. చెట్టు మొదట్లో ఉప్పు పోస్తే వేళ్ళు మాడతాయి. కొన్న తేనెను ఆరుబయట ఉంచకూడదు, అందులో ఉండగల ఫౌల్‌బ్రూడ్ రోగపు బీజాలు అక్కడి తేనెటీగలకి అంటుకుంటాయి. పెడితే నిప్పులో వెయ్యాలి. నైలాన్ రిబ్బన్లు కొమ్మలకి కట్టనివ్వకు, కొమ్మ లావయ్యేకొద్దీ అవి కోసుకుపోతాయి. బావికి వెండి వేసేటప్పుడు బావి అంటే మన గిన్నే, పార్కు వాగు కాదు. వెళ్ళేటప్పుడు నేల వచ్చినప్పటిలా ఉండాలి. పార్కువాళ్ళు రెండోసారి అనుమతి ఇచ్చేదీ మానేదీ దాన్నిబట్టే.

ఆశీర్వాద జలం రెండు పాత్రల్లో పెట్టు, ఒకదాంట్లో మద్యమైతే ఇంకోదాంట్లో ఆపిల్ రసం. తాగుడు మానినవాళ్ళుంటారు, పిల్లలుంటారు, చాలా పార్కుల్లో మద్యం నిషేధం కూడా. రెండు పాత్రలనీ ఒకే గౌరవంతో ఎత్తాలి. ఒకే తాగే కొమ్ము అందరి నోటికీ తిప్పొద్దు, ఎవరి కప్పులో వాళ్ళకి పొయ్యి.

పనులు మొదటి రోజే మూడు చేతుల్లో ఉండాలి. నడిపించేది సీనియర్ డ్రూయిడ్, రాతకోతలు స్క్రైబ్, డబ్బు పర్స్‌వార్డెన్. భార్యాభర్తలకి మొదటి పనీ మూడో పనీ ఇవ్వకు. వాళ్ళెంత మంచివాళ్ళైనా సరే, వాళ్ళు విడిపోయిన రోజున గ్రోవ్ కూడా విడిపోతుంది. సొంత ఖాతాలో చందాలు వేసుకోకు. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర ఎస్‌ఎస్-4 ఫారం నింపితే సంస్థకి గుర్తింపుగా యజమాని నంబరు ఉచితంగా ఇస్తారు. దాంతో బ్యాంకు ఖాతా తెరిచి ఇద్దరు సంతకాలు చేసేలా పెట్టుకోండి. మాతృసంస్థ పన్ను మినహాయింపు మీకూ వర్తిస్తుందా అన్నది ఊహించుకోకు, ఉత్తరం రాసి జవాబు దాచుకో. ఎవరైనా 250 డాలర్లు, అంతకుమించి ఒకేసారి ఇస్తే రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలి, లేకపోతే వాళ్ళు దాన్ని పన్నులో చూపించుకోలేరు. ఎన్నికల్లో ఫలానావారికి ఓటెయ్యమని గ్రోవ్ పేరున మాట్లాడొద్దు.

జనం పెరిగేకొద్దీ పూజ మారుతుంది. ఏడుగురున్నప్పుడు ఒక్కొక్కరూ సొంత నైవేద్యం ఇవ్వడం హాయిగా ఉంటుంది. పాతికమంది అయితే, మనిషికి నలభై సెకన్లు వేసుకున్నా పదిహేడు నిమిషాలు, మిగతావాళ్ళు కాళ్ళు మార్చుకుంటూ నిలబడాలి. అప్పుడు మంట దగ్గర ఒక చోటు, చెట్టు దగ్గర ఇంకో చోటు పెట్టి, వెనక ఎవరైనా పాట అందుకునేలా చూడు. మొత్తం గంటంపావు దాటనివ్వకు. నిలబడలేనివాళ్ళకి కుర్చీలు, పిల్లల దగ్గర ఎప్పుడూ ఒకరికొకరు చుట్టాలు కాని పెద్దవాళ్ళు ఇద్దరు. ఈ రెండో దాంట్లో ఎవరికీ మినహాయింపు లేదు, ఎంత పేరున్న గురువైనా సరే.

పండగకీ పండగకీ మధ్య ఆరేడు వారాల ఖాళీ ఉంటుంది. అందులో ఒక చదువు సాయంత్రం పెట్టు. ఏడీఎఫ్ తొలిమెట్టు చదువు ఏడాది పడుతుంది: ఎనిమిది పండగల మీద, తొమ్మిది సుగుణాల మీద వ్యాసాలు, పుస్తక సమీక్షలు, ధ్యానం రాసుకున్న దినచర్య. ఒంటరిగా మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో వదిలేస్తారు, ముగ్గురు కలిసి కూర్చుంటే సాగుతుంది. మీ కొత్త పూజారులు వచ్చేది ఈ బల్ల దగ్గర్నుంచే. రెండో ఏడు నుంచి ప్రతి పండగలో కనీసం ఒక ముఖ్యమైన భాగం ఎప్పుడూ చెయ్యనివాళ్ళకి ఇవ్వు. తడబడతారు, తడబడనీ. అన్నీ నువ్వే బాగా చేస్తున్నావని అందరూ మెచ్చుకుంటుంటే జాగ్రత్తపడు. నీకు జ్వరమొచ్చిన వారం ఆ గ్రోవ్‌లో ఎవరికీ ఏమీ రాదు.

కొనాల్సినవి: మూతున్న ఇనప నిప్పుగిన్నె, బావికి లోతైన రాగి గిన్నె, నీళ్ళ కూజా, పొడుగు గరిటె, గంట, బకెట్లు, పార, కప్పులు. చెట్టు అక్కడే ఉంటుంది, హాలులో అయితే కుండీలో నిలబెట్టిన ఎండుకొమ్మ చాలు. అంగీలూ జెండాలూ తర్వాత. మే, జూన్‌లలో గడ్డిలో నిలబడితే టిక్ పురుగులు పట్టుకుంటాయి, ప్యాంటు మేజోళ్ళలో దోపమని పిలుపులోనే రాయి. పార్కు అనుమతిపత్రం, ఒకవేళ బీమా అడిగితే దాని కాగితం, రెండూ అచ్చు వేసి గంట పెట్టే సంచిలోనే ఉంచు. రేంజర్ వచ్చి అడిగినప్పుడు ఫోన్‌లో సిగ్నల్ ఉండదు.

మీ పిన్ని