షార్క్‌టూత్ బ్రౌబ్యాండ్: రిబ్బన్ పళ్ళు ఎందుకు విడిపోతాయి, ఈసారి ఎలా చుట్టాలి

ఇంగ్లండ్‌లో మీ అమ్మాయి షో పోనీ (ప్రదర్శన పోటీల్లో దిగే చిన్న గుర్రం) కోసం ఇంట్లోనే బ్రౌబ్యాండ్‌కి, అంటే కళ్లెంలో గుర్రం నుదుటి మీదుగా పోయే పట్టీకి, నీలం, తెలుపు వెల్వెట్ రిబ్బన్లు సొరచేప పళ్ళలా (షార్క్‌టూత్) ఒకదానిలో ఒకటి ఇమిడేట్టు చుట్టానని, మూడు ఇబ్బందులు వచ్చాయని రాశారు. కళ్లెం తొడగగానే పళ్ళ మధ్య సందులు పడుతున్నాయి, తెల్ల రిబ్బన్‌కి గోధుమరంగు మరకలు అంటుతున్నాయి, చివర్ల రోజెట్లు (రిబ్బన్ పువ్వులు) ఒక్క షోకే వాలిపోతున్నాయి. దేని కారణం దానిదే. మొదటిదే అన్నిటికన్నా పెద్దది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

సందులు పడటం మీ చేతి బిగువులో లోపం కాకపోవచ్చు. బల్ల మీద చదునుగా పరిచి చుట్టానన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. బ్రౌబ్యాండ్ గుర్రం నుదుటి మీద దాదాపు అర్ధచంద్రాకారంలో వంగుతుంది. పట్టీ మందం 4 మిల్లీమీటర్లనుకుంటే, అలా వంగినప్పుడు బయటి వైపు లోపలి వైపు కంటే సుమారు 12 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవవుతుంది. చదునుగా ఉన్నప్పుడు అంచుకి అంచు ఆనించి చుట్టిన 34 చుట్లు (లెక్క కింద ఉంది) ఆ తేడాను పంచుకోవాలి. ఒక్కో పంటి దగ్గర మిల్లీమీటరులో మూడో వంతు విడిపోతే చాలు, కింద ఉన్న తోలు కనపడుతుంది. ఎంత లాగి చుట్టినా ఇది తప్పదు.

అందుకని పట్టీని ముందే వంచి చుట్టాలి. పోనీకి కళ్లెం తొడిగి, బ్రౌబ్యాండ్ రెండు చివర్లా ఉండే లూపుల (కళ్లెం పట్టీలు దూరే మడతల) మధ్య నేరుగా, అంటే తలకి అడ్డంగా, ఎంత దూరముందో కొలవండి. అంతే పొడవున్న గట్టి దారంతో రెండు లూపులనూ కలిపి, విల్లుకి నారి బిగించినట్టు కట్టండి. పట్టీ తల మీద ఎలా ఉంటుందో అలాగే వంగి నిలుస్తుంది. ఆ వంపులోనే మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా చుట్టాలి, లోపలి లైనింగ్ కుట్టేదాకా దారం విప్పకూడదు.

చుట్టడం మొదలుపెట్టే ముందు కొలత సరిచూసుకోండి. ఈ పట్టీ అలంకారం కంటే ముందు ఒక పని కోసం ఉంది: చెవుల వెనక ఉండే హెడ్‌పీస్ మెడ మీదికి జారకుండా ఆపుతుంది. పొట్టిదైతే హెడ్‌పీస్‌ను ముందుకి లాగి చెవుల మొదళ్ళను ఒరిపిస్తుంది, పోనీ తల విదిలిస్తూనే ఉంటుంది. న్యాయనిర్ణేత ముందు నిలబడ్డప్పుడు తల విదిలించే పోనీకి ఎంత అందమైన రిబ్బన్ చుట్టినా లాభం లేదు. పొడవెక్కువైతే నుదుటికి ఆనకుండా ముందుకి ఉబ్బుతుంది. ఇప్పుడు వాడుతున్న పట్టీ సరిగ్గా కూర్చుంటే కొత్తదాన్ని దాని పొడవుకే తీసుకోండి. లేకపోతే ఒక చెవి వెనక నుంచి నుదుటి మీదుగా రెండో చెవి వెనకదాకా టేపు పెట్టి కొలవండి. పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. రిబ్బన్, లైనింగ్ చేరాక లోపలి చుట్టుకొలత కొంచెం తగ్గుతుంది, కాబట్టి ఒట్టి పట్టీయే బిగుతుగా ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

రిబ్బన్ లెక్క ఇది. పట్టీ వెడల్పు 16 మిల్లీమీటర్లు, మందం 4, రిబ్బన్ వెడల్పు 9 అనుకుందాం. చుట్టుకి 8 మిల్లీమీటర్లు ముందుకి జరుపుతూ వెళితే ఒక్కో చుట్టు సుమారు 42 మిల్లీమీటర్ల రిబ్బన్ తింటుంది. 14 అంగుళాల పోనీ పట్టీలో రెండు లూపులూ తీసేస్తే చుట్టాల్సింది 27 సెంటీమీటర్ల చిల్లర, అంటే 34 చుట్లు, రంగుకి దాదాపు 1.45 మీటర్లు. నేనైతే 1.75 మీటర్లు తీసుకుంటాను. మధ్యలో అతుకు పెడితే వెనకవైపు ముడిలా తగులుతుంది, కొన్నాళ్ళకి విడిపోయేదీ అక్కడే. మీ పట్టీ కొలతలు వేరైతే 5 సెంటీమీటర్ల మేర చుట్టి చూసి, పట్టిన రిబ్బన్‌ను మొత్తం పొడవుకి లెక్కగట్టండి.

రిబ్బన్ ఒకవైపే నూగు ఉన్న నైలాన్ వెల్వెట్ అయితే మంచిది. రెండువైపులా నూగున్నది మందంగా ఉంటుంది, మడత పదునుగా రాదు. శాటిన్ జారిపోతుంది, మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి పోవద్దు. వెల్వెట్‌ను వేలితో నిమిరి చూడండి: ఒకవైపు మెత్తగా, ఎదురువైపు గరుకుగా ఉంటుంది. రెండు రిబ్బన్లూ మెత్తటి దిశ ఒకేలా ఉండేట్టు మొదలుపెట్టాలి. ఒకటి తిరగబడితే అదే నీలం ఎండలో వేరే నీలంలా కనపడుతుంది.

ఇక మరకలు. అవి తోలులోని రంగు, నూనె, చెమటతో కలిసి రిబ్బన్‌లోకి పాకినవి. కొత్త తోలు పట్టీని తడిగుడ్డతో తుడుస్తూ పోండి, తెల్లగుడ్డకి రంగు అంటడం ఆగేదాకా. ఒక రాత్రంతా నీడలో ఆరనిచ్చి, నున్నటి పైపూతను 240 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. తర్వాత సన్నటి తెల్ల నూలు నాడాను అంచుకి అంచు తగిలేలా ఒక్క వరస చుట్టి, రెండు కొసలూ కుట్టేయండి. రంగు పైకి రాకుండా అడ్డుకోవడంతో పాటు వెల్వెట్ జారకుండా పట్టు కూడా ఇస్తుంది ఈ నాడా. మరకకి, జారుడుకి ఇదొక్కటే మందు. జిగురు రాసి అంటించాలని మాత్రం చూడకండి, వెల్వెట్ గుండా పైకి ఊరి గట్టిపడి నూగును అట్టలు కట్టిస్తుంది.

నీలం రిబ్బనే రంగు దిగుతుందేమో కూడా ముందే చూసుకోవాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు ఉప్పు కలిపి రిబ్బన్ ముక్కను తడిపి, తెల్ల నూలుగుడ్డ మడతలో పెట్టి పది నిమిషాలు బరువు ఉంచండి. గుడ్డకి నీలం అంటితే ఆ రిబ్బన్ తెలుపు పక్కన పనికిరాదు, ఇంకో చోట కొనడమే నయం.

చుట్టే పద్ధతి రాస్తాను. పట్టీ పై అంచు మీద, కింది అంచు మీద 8 మిల్లీమీటర్లకొకటి చొప్పున పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. చివర సగం పన్ను మిగలకుండా ఆ 8ని కొద్దిగా అటూ ఇటూ సర్దండి. ఎడమ లూపు పక్కన, వెనకవైపు, రెండు రిబ్బన్ల కొసలనూ లోపలికి మడిచి ఒక్కోదానికి మూడు కుట్లు వేయండి. నీలం కింది అంచు దగ్గర, తెలుపు పై అంచు దగ్గర ఉండాలి. నీలాన్ని ముందువైపు కింది అంచు నుంచి ఏటవాలుగా పైకి తెచ్చి, కుడివైపు తర్వాతి గీత దగ్గర పై అంచు దాటించి, వెనక నిటారుగా కిందికి దింపండి. తర్వాత తెలుపును పై అంచు నుంచి ఏటవాలుగా కిందికి, నీలం మీదుగా దాటించి, తర్వాతి గీత దగ్గర కింది అంచు దాటించి, వెనక నిటారుగా పైకి ఎత్తండి. మళ్ళీ నీలం, మళ్ళీ తెలుపు. ప్రతి కొత్త చుట్టూ పాత చుట్టు తోకను కప్పేస్తూ పోతుంది, కింది నుంచి నీలం పళ్ళు, పై నుంచి తెల్ల పళ్ళు నడిమి గీత దగ్గర ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. పూలదండ కట్టేటప్పుడు ప్రతి ముడినీ ముందరి ముడికి ఆనేలా నొక్కుతాం చూడండి, ఇక్కడా అంతే.

చెడేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, వరస తప్పడం. ఒక్కసారి తెలుపు ముందు, నీలం తర్వాత పడితే ఆ పన్ను తిరగబడుతుంది, దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. రెండోది, ఒక చేయి ఎక్కువ లాగడం. పళ్ళ కొనలు నడిమి గీత వదిలి పైకి గానీ కిందికి గానీ పాకుతుంటే ఒక రిబ్బన్ ఎక్కువ బిగిసిందని అర్థం. ఐదు చుట్లకొకసారి బట్టల క్లిప్పు పెట్టి కొనలు వరసలో ఉన్నాయో లేదో చూడండి, తప్పయితే అక్కడికే విప్పండి. గుండుసూదులు వెల్వెట్‌లో గుంటలు వదులుతాయి, వాడకండి. బిగువు ఎంతంటే, బొటనవేలితో తోస్తే రిబ్బన్ కదలకూడదు, కానీ దాని అంచులు లోపలికి ముడుచుకోకూడదు. అతిగా లాగిన రిబ్బన్ సన్నబడి అదే కొత్త సందు చేస్తుంది.

చుట్టడం అయ్యాక వెనకవైపు గట్లు గట్లుగా ఉంటుంది. అది అలాగే నుదుటికి తగిలితే వెంట్రుకలు అరిగి పుండవుతుంది. ఒక మిల్లీమీటరు మందం మెత్తటి తోలును 14 మిల్లీమీటర్ల వెడల్పున కోసి, రెండు అంచుల వెంట 6 మిల్లీమీటర్లకొక రంధ్రం ముందే పొడిచి, మైనం రాసిన నైలాన్ దారంతో రిబ్బన్ మడతలకి కుట్టండి. పట్టీ కంటే 2 మిల్లీమీటర్లు తక్కువ వెడల్పు పెట్టడం వల్ల ముందు నుంచి కనపడదు. ఫెల్ట్ వద్దు, చెమట పీల్చి గడ్డకడుతుంది. ముడులన్నీ లైనింగ్‌కీ రిబ్బన్‌కీ మధ్య దాగాలి.

రోజెట్లు వాలిపోవడానికి కారణం చాలాసార్లు లోపలి అట్ట. చెమట తగిలితే, వాన చినుకు పడితే మెత్తబడిపోతుంది. ఐస్‌క్రీమ్ డబ్బా మూత నుంచి 3 సెంటీమీటర్ల వ్యాసం బిళ్ళ కత్తిరించి వాడండి. దాని మీద 2.4 సెంటీమీటర్ల వ్యాసం గుండ్రం గీసి, ఆ గీత మీద రిబ్బన్‌ను కుచ్చిళ్ళు పోస్తూ కుట్టాలి. కుచ్చిళ్ళకి చుట్టుకొలతకు మూడింతల రిబ్బన్ పడుతుంది, అంటే 23 సెంటీమీటర్లు. లోపలి వరస ఒక సెంటీమీటరు వ్యాసం గీత మీద, దానికి మరో 10. మధ్యలో గుడ్డ చుట్టిన 15 మిల్లీమీటర్ల గుండీ. రోజెట్ కింద వదిలే రిబ్బన్ తోకలు 6 సెంటీమీటర్లు మించకండి, గాలికి కంట్లో పడతాయి. జతకి మొత్తం ఒక మీటరు తీసుకుంటే సరిపోతుంది. బిళ్ళను పట్టీకి, లూపు మొదలయ్యే చోట, నాలుగు చోట్ల దారంతో కుట్టండి. వేడి జిగురు చలికి పెళుసెక్కి ఊడిపోతుంది. పిన్నీసు మాత్రం ఎప్పటికీ వద్దు, తెరుచుకుంటే కన్నుకి అంగుళం దూరంలో ఉంటుంది.

పూసల పట్టీ సంగతి కూడా అడిగారు. అది చుట్టడం కంటే తేలిక: మధ్యలో గాడి ఉన్న ఖాళీ పట్టీ దొరుకుతుంది. 28 సెంటీమీటర్ల గాడికి 6 మిల్లీమీటర్ల పూసలు 46 దాకా పడతాయి. నైలాన్ పూత ఉన్న 0.38 మిల్లీమీటర్ల స్టీలు తీగకి గుచ్చి, దీన్ని కూడా పట్టీని వంచి ఉంచే బిగించండి, లేకపోతే వంగగానే తీగ సాగి తెగుతుంది. నొక్కుపూస (తీగ జారకుండా నొక్కి బిగించే చిన్న లోహపు పూస) తర్వాత తీగ కొసను పూస రంధ్రంలోకే దూర్చండి, చర్మం వైపు పొడుచుకురాకూడదు. ప్లాస్టిక్ ముత్యాల పూత చెమటకి ఒలిచిపోతుంది, గాజు పూసలే కొనండి. సెలవుల్లో ఇండియా వచ్చేవాళ్ళు ఖాళీ పట్టీల కోసం కాన్పూర్ వైపు చూడొచ్చు, జీను సామానుకి పేరున్న ఊరది.

కొనే ముందు మీ అమ్మాయి ఏ తరగతిలో దిగుతుందో చూసుకోండి. బ్రిటన్ షోలలో వెల్వెట్ రంగులు షో పోనీ, హ్యాక్, రైడింగ్ హార్స్ అనే తరగతుల గుర్రాలకి చెల్లుతాయి. హంటర్, కాబ్ అనే తరగతుల గుర్రాలు సాదా తోలు పట్టీతోనే వస్తాయి, హంటర్ పోనీ తరగతుల్లోనూ సాదాదే మేలు. మన పెళ్ళి ఊరేగింపుల్లో గుర్రం నుదుటి మీద ఊగే కుచ్చులు, అద్దాలు బాగుంటాయి గానీ షో బరిలో అలాంటివేవీ పెట్టకండి. రంగులు అమ్మాయి జడ రిబ్బన్లకి కలిసేలా ఎంచుకుంటే చూడముచ్చటగా ఉంటుంది.

వాడాక లైనింగ్‌ను తడిగుడ్డతో తుడిచి, వెల్వెట్‌ను కెటిల్ ఆవిరికి 15 సెంటీమీటర్ల దూరంలో కొన్ని క్షణాలు చూపించి మెత్తటి బ్రష్‌తో నూగు లేపండి. మడిచి పెట్టెలో కుక్కకుండా గుండ్రటి డబ్బా చుట్టూ తొడిగి ఉంచండి. ఒకసారి చదునుగా అణిగిన పట్టీలో పళ్ళు మళ్ళీ కదలడం మొదలవుతుంది.