కదులుతున్న రైలు ఎక్కబోయి పడ్డాను, నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది చిత్తూరు. సుమారు పది నెలల కిందట రైల్వే కోడూరులో మా అక్క ఇంటికి వెళ్లి, నేనూ అమ్మా రైల్లో తిరిగి వస్తున్నాం. రేణిగుంటలో బండి ఆగితే నీళ్ల బాటిల్ కోసం దిగాను. చిల్లర తీసుకునేలోపు బండి కదిలింది. పరిగెత్తి ఎక్కబోతే కడ్డీ మీద చెయ్యి జారి బండికీ ప్లాట్‌ఫాంకీ మధ్యలో పడ్డాను. ఎడమకాలు మోకాలి కింద ఎముక విరిగింది, రాడ్డు వేశారు. మడమ దగ్గర చర్మం లేచిపోతే తొడ మీది చర్మం తీసి అతికించారు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తున్నాను. టికెట్ చొక్కా జేబులో ఉండింది. ఆసుపత్రిలో చొక్కా కత్తిరించి పారేశారు. రైల్వే పోలీసులు ‘కదులుతున్న రైలు ఎక్కబోయి తన అజాగ్రత్త వల్ల పడిపోయాడు’ అని రాశారు. తప్పు నాదేనని రాసుంది కాబట్టి పైసా కూడా రాదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంకొకాయన ఎనిమిది లక్షలు ఇప్పిస్తా, సగం నాకివ్వు అంటున్నాడు. చిత్తూరు కోర్టులో కేసు వేయొచ్చా?

జవాబు: పది నెలలుగా మిమ్మల్ని భయపెడుతున్న ఆ పోలీసుల వాక్యమే మీ కేసుకు ప్రాణం. ముందు దాని నకలు సంపాదించి భద్రంగా పెట్టుకోండి.

ఎందుకో చెప్తాను. రోడ్డు ప్రమాదాల అలవాటుతో మనం ప్రతిదానికీ ‘తప్పెవరిది’ అని మొదలుపెడతాం. చంద్రగిరి రోడ్డులో బైకు మీద వెళ్తూ గుద్దుకుంటే ఎవరు రాంగ్‌ సైడ్‌లో వచ్చారు, ఎవరు ఎంత స్పీడులో ఉన్నారు అన్న దాన్నిబట్టి పరిహారం పెరుగుతుంది, తగ్గుతుంది. రైలు సంగతి వేరు. 1989 నాటి రైల్వే చట్టంలో 124ఏ అని ఒక సెక్షన్ ఉంది. అది 1994 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రయాణికుడు రైల్లోంచి ప్రమాదవశాత్తూ పడిపోతే, రైల్వే తప్పు ఉన్నా లేకపోయినా పరిహారం ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఇలా పడిపోవడాన్నే చట్టం ‘అవాంఛనీయ సంఘటన’ అంటుంది. రైల్లోనో స్టేషన్ ఆవరణలోనో దోపిడీ, దాడి లాంటివి జరిగి దెబ్బలు తగిలినా ఇదే లెక్క. రైళ్లు ఢీకొన్నా, పట్టాలు తప్పినా దానికి 124 అని ఇంకో సెక్షన్ ఉంది. అది మీకు అక్కర్లేదు.

పరిహారం ఎప్పుడు ఇవ్వక్కర్లేదో కూడా 124ఏ లోనే ఉంది: ఆత్మహత్య లేదా దానికి ప్రయత్నం, తనకు తానే గాయం చేసుకోవడం, తాను చేసిన నేరం వల్ల దెబ్బ తగలడం, తాగిన మత్తులోనో మతిస్థిమితం లేకనో చేసిన పని, జబ్బు వల్ల జరిగిన నష్టం. ఇందులో ‘అజాగ్రత్త’ అన్న మాట ఎక్కడా లేదు, గమనించండి. అయినా రైల్వే తరఫు లాయరు ఊరుకోడు. కదిలే రైలు వెంట పరిగెత్తడమంటే తనకు తానే గాయం చేసుకోవడం కాదా అని వాదిస్తాడు. నాకు తెలిసి ప్రతి కేసులోనూ ఈ పాట వినిపిస్తుంది. దీనికి సుప్రీంకోర్టు 2018 మే 9న రీనా దేవి కేసులో తేల్చి చెప్పింది. రైలు ఎక్కుతూనో దిగుతూనో పడి గాయపడినా అది అవాంఛనీయ సంఘటనే. తనను తాను గాయపరచుకోవాలన్న ఉద్దేశం ఉంటే తప్ప, నిర్లక్ష్యాన్ని ‘తనకు తానే చేసుకున్న గాయం’ అనడానికి లేదు. ఈ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి, మీ లాయరుకు చెప్పండి. అంతకుముందు 2008లోనే, రైలు ఎక్కబోయి పడి చనిపోయిన ఒక కేరళ మహిళ కేసులో, ఇక్కడ తప్పొప్పుల లెక్క లేదని అదే కోర్టు చెప్పి ఉంది.

ఇప్పుడు పోలీసుల వాక్యం మళ్లీ చదవండి. ‘కదులుతున్న రైలు ఎక్కబోయి’ అని ఉంది. అంటే మీరు ఆ రోజు ఆ స్టేషన్లో ఆ బండి ఎక్కుతూ పడ్డారని రైల్వే పోలీసులే సాక్ష్యం చెబుతున్నారు. ‘తన అజాగ్రత్త వల్ల’ అన్న తోక గురించి దిగులు పడొద్దు. అదే ‘పట్టాలు దాటుతుండగా రైలు తగిలి’ అని రాసి ఉంటే మాత్రం నేను మీకు ఇంత ధైర్యంగా జవాబు రాసేవాణ్ణి కాదు. పట్టాలు దాటేవాడు ఈ సెక్షన్ దృష్టిలో రైల్లోంచి పడినవాడు కాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘పరిగెత్తి ఎక్కబోయానని చెప్తే డబ్బు రాదు, తలుపు దగ్గర నిలబడితే ఎవరో తోశారని రాద్దాం’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నా దగ్గరికి ఒక కుటుంబం ఇలాగే కథ మార్చుకుని వచ్చింది. పోలీసుల దగ్గర ఒకలా, అఫిడవిట్లో ఇంకోలా, క్రాస్‌ ఎగ్జామినేషన్లో మూడోలా చెప్పారు. అసలు జరిగింది చెప్పి ఉంటే గెలిచే కేసు, అది కాస్తా పోయింది. నీళ్ల బాటిల్ సంగతి, చిల్లర సంగతి, కడ్డీ జారిన సంగతి ఉన్నదున్నట్టు రాయండి. నిజం చెబితే నష్టం లేని కేసు మీది, ఎందుకు పాడు చేసుకోవాలి?

టికెట్ దగ్గరికి వద్దాం. నిజంగా పని ఉన్నది ఇక్కడే. 124ఏ కింద పరిహారం అడిగేవాడు సరైన టికెట్ ఉన్న ప్రయాణికుడై ఉండాలి (ప్లాట్‌ఫాం టికెట్ ఉన్నవాళ్లనూ చట్టం ప్రయాణికులుగానే చూస్తుంది). టికెట్ దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదనలేమని కూడా రీనా దేవి తీర్పులో ఉంది. ముందు మీరు జరిగిన విషయాలతో అఫిడవిట్ వేయాలి. ఆ తర్వాత, టికెట్ లేకుండా ఎక్కాడని నిరూపించే భారం రైల్వే మీదికి వెళుతుంది. అలాగని ‘టికెట్ కొన్నాను, పోయింది’ అని ఒక్క లైను రాసి చేతులు దులుపుకుంటే ఈ కేసులు వినే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ నమ్మాలని లేదు.

కోడూరు కౌంటర్లో టికెట్ ఎవరు తీశారు? మీ బావగారు స్టేషన్ దాకా వచ్చి తీసిచ్చారా? అయితే ఆయన అఫిడవిట్ కావాలి. డబ్బులు నోట్లిచ్చారా, క్యూఆర్ స్కాన్ చేశారా? స్కాన్ చేసి ఉంటే ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎంట్రీ ఉంటుంది. ఫోన్లోని యాప్‌లో తీసి ఉంటే బుకింగ్ హిస్టరీ ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఒకే టికెట్ ఇచ్చి ఉంటారని నా ఊహ. అది మీ జేబులోనే ఉంది కాబట్టి మీ అమ్మగారు టికెట్ లేకుండానే తిరుపతి దాకా వెళ్లిపోయి ఉంటారు. అక్కడ ఆమె ఎవరితో మాట్లాడారు? టీసీతోనో, ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లతోనో ‘మా అబ్బాయి రేణిగుంటలో పడిపోయాడు’ అని ఏడ్చి చెప్పి ఉంటే ఆ మాట ఎక్కడో ఒక చోట రాసి ఉండొచ్చు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఎవరైనా ఫోన్ చేశారా? ఇవన్నీ అమ్మగారిని కూర్చోబెట్టి నిదానంగా అడగండి. ఈ కేసులో మీ తర్వాత పెద్ద సాక్షి ఆమే.

ఇంకొకటి. ఆ రోజు ఆ బండికి ముందు కోడూరు కౌంటర్లో చిత్తూరుకు ఇద్దరికి కలిపి ఇచ్చిన టికెట్లు ఎన్ని ఉంటాయి? అది తిరుపతిలాంటి పెద్ద స్టేషన్ కాదు. ఆ అమ్మకాల రికార్డు తెప్పించమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. కాగితాలు తెప్పించే విషయంలో ట్రిబ్యునల్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉన్నాయి. చాలామంది లాయర్లు ఈ పిటిషన్ వేయరు. మీరు పట్టుబట్టి వేయించుకోండి.

ఇక ఎక్కడ వేయాలి అన్నది. చిత్తూరు కోర్టులో కాదు, తిరుపతి కోర్టులోనూ కాదు. ఈ కేసులు వినే అధికారం రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కే ఉంది, మామూలు సివిల్ కోర్టులు తీసుకోవు. టికెట్ కొన్న చోటు, ప్రమాదం జరిగిన చోటు, దిగాల్సిన ఊరు ఏ బెంచి పరిధిలోకి వస్తే అక్కడ వేయవచ్చు. మీకు కోడూరు, రేణిగుంట, చిత్తూరు మూడూ ఆంధ్రాలోనే ఉన్నాయి కాబట్టి గుంటూరులో ఉన్న అమరావతి బెంచికే వెళ్లాలి. చెన్నై దగ్గర కదా అని అక్కడ వేద్దామనుకోకండి. మీ కాగితాల్లో చెన్నైకి సంబంధం ఉన్నది ఒక్కటీ లేదు.

గుంటూరు దాకా తిరిగే ఓపిక, డబ్బు లేకపోతే చిత్తూరు కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆదాయం పరిమితిలో ఉన్నవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు. ముందు అక్కడికి వెళ్లి కనుక్కోండి, ఆ తర్వాతే ఆ ‘సగం నాకు’ పెద్దమనిషి సంగతి చూద్దురుగాని.

ఆయన ఎనిమిది లక్షలు అన్నాడు కదా. ఆ అంకె గాల్లోంచి పుట్టింది కాదు. 2017 జనవరి 1 నుంచి మరణానికీ, రెండు చేతులూ పోవడం లాంటి అతి తీవ్రమైన గాయాలకూ ఇచ్చే మొత్తం 8 లక్షలు. అంతకుముందు 4 లక్షలుండేది. కానీ మీ గాయానికి ఆ అంకె వర్తించదు. రైల్వే పరిహారం రోడ్డు ప్రమాద పరిహారంలా మీ నెల సంపాదన, వయసు, ఆసుపత్రి బిల్లులు చూసి కట్టేది కాదు. ఏ గాయానికి ఎంత అన్నది నిబంధనల షెడ్యూల్లో ముందే రాసి ఉంటుంది. బొటనవేలు పోతే (చేతిది) 2 లక్షల 40 వేలు. ఒక కాలి పెద్ద ఎముక విరిగితే 80 వేలు. మీ మోకాలి కింది ఎముక ఇందులోకి వస్తుంది. షెడ్యూల్లో లేని గాయాలకు నొప్పి, బాధ చూసి ట్రిబ్యునల్ తన విచక్షణతో ఇస్తుంది. అలాంటివి ఎన్ని ఉన్నా అన్నిటికీ కలిపి 1 లక్షా 60 వేలు దాటదు. మీ మడమ గాయం, చర్మం అతికించడం ఈ కోవలో అడగాలి. కాబట్టి 80 వేలు, దానిపైన మడమకు ట్రిబ్యునల్ ఎంత సబబనుకుంటే అంత, వడ్డీ. ఇదీ మీ కేసు బరువు. ఎముక కేసుగా మాత్రమే వేసి మడమను వదిలేస్తే సగం కేసు వదిలేసినట్టే. ఇది నేను చూస్తూ వచ్చిన పొరపాటు కాబట్టి నొక్కి చెబుతున్నాను.

అందుకే వైద్య కాగితాలు వివరంగా ఉండాలి. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ఆపరేషన్ నోట్సు, గాయాల సర్టిఫికెట్ అన్నీ తీసుకోండి. కుంటు మిగిలిపోయింది కాబట్టి సదరం క్యాంపులో చూపించుకుని వైకల్యం సర్టిఫికెట్ కూడా తెచ్చుకోండి. అన్నట్టు, కేస్‌షీట్ నకలు తీసుకుని మొదటి పేజీ ఒకసారి చదవండి. ‘మద్యం వాసన’ అని ఏమైనా రాశారా చూడండి. మీరు తాగారని నేననడం లేదు. క్యాజువాలిటీలో హడావుడిగా రాసే రెండు మాటలు రైల్వే లాయరుకు దొరికితే ఎక్కడికి లాగుతాడో తెలుసు కాబట్టి చెబుతున్నాను.

కేసు వేశాక రైల్వే వాళ్లు డీఆర్‌ఎం రిపోర్టు అని ఒకటి పెడతారు. పడిపోయిన ఘటనల మీద ఆర్పీఎఫ్ విచారించి డివిజనల్ రైల్వే మేనేజరుకు ఇచ్చే నివేదిక అది. అందులో తప్పు ప్రయాణికుడిదేనని ముగించడం మామూలే. గుండె దడ అక్కర్లేదు. అది శాఖ తన గురించి తాను రాసుకున్న రిపోర్టు, తీర్పు కాదు. ట్రిబ్యునల్ కొట్టేసినా 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు ఉంది.

ఆన్‌లైన్లో రిజర్వేషన్ చేసేటప్పుడు 45 పైసల ఇన్సూరెన్స్ అని ఒక టిక్కు వస్తుంది చూశారా, మీది జనరల్ టికెట్ కాబట్టి అది మీకు లేదు. ఈసారి రిజర్వేషన్ చేసినప్పుడు టిక్కు పెట్టండి. ఆ క్లెయిము వేరే, ట్రిబ్యునల్ పరిహారం వేరే.

మీ ఉత్తరంలో ఒక్కటి రాయడం మర్చిపోయారు, ప్రమాదం జరిగిన తేదీ. సుమారు పది నెలలన్నారు. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఒక ఏడాది. దాటితే ఆసుపత్రిలో ఉన్నాననో, మంచం దిగలేకపోయాననో కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, చేతిలో రెండు నెలలుండగా ఆ దారి మనకెందుకు? జీఆర్పీ (రైల్వే పోలీసు) స్టేషన్ నుంచి వాళ్లు రాసిన ఆ కాగితం నకలు ఈ వారంలోనే అడగండి. దాని మీద తేదీ ఉంటుంది. అక్కణ్ణుంచి రోజులు లెక్కపెట్టుకోండి.