అక్క వాడిన డయాఫ్రమ్‌ను ఉడకబెట్టి నేను వాడుకోవచ్చా?

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. బాబుకు ఐదు నెలలు, గర్భం రాకుండ వేసుకునే మాత్రలు పడ్తలేవు, అమెరికాల ఉన్న మీ అక్క తను వాడిన డయాఫ్రమ్ పంపిస్త అన్నది, మంచిగ ఉడకబెడితే సరిపోతదా అని అడిగినవ్. సరిపోదు. అక్కకు వద్దని చెప్పు.

మల్లమల్ల వాడొచ్చు అంటే ఒక్క మనిషే మల్లమల్ల వాడొచ్చు అని. అక్క జాకెట్ అయితే కుట్లు విప్పుకొని తొడుక్కుంటం, దీనికి ఆ వీలు లేదు. వీర్యకణాలు లోపలికి పోకుండ గర్భాశయ ముఖద్వారాన్ని మూసే మెత్తటి సిలికాన్ గిన్నె ఇది. చాలా రకాలు సైజుల వారీగ వస్తయి, ఎవరి లోపలి కొలత వాళ్లది. వదులైతే పక్క నుంచి దారి ఇస్తది, బిగుతైతే నొప్పి. ఇగ ఉడకబెట్టుడు ఎవరిదైనా సరే అసలే వద్దు, అంచు వంకరపోతది.

పెండ్లయిన కొత్తల మా ఆయన ఉద్యోగం మీద మూడేండ్లు ఇంగ్లండ్‌ల, లీసెస్టర్‌ల ఉన్నం. అక్కడ క్లినిక్‌ల నర్సు కొలత చూసి ఒకటి ఇచ్చి, "ఈ వారం దీన్ని నమ్ముకోకండి, పెట్టుడు తీసుడు నేర్చుకోండి, అంతవరకు కండోమ్ వాడండి" అన్నది. వారం తర్వాత పెట్టుకొనే రమ్మని సరిగ్గా కూర్చుందా లేదా చూసింది. మొదటి రెండు రోజులు దానికి పూసే జెల్లుకు జారి బాత్రూమ్‌ల ఆ మూలకు ఎగిరిపడేది, నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఒక కాలు స్టూలు మీద పెట్టి, మడిచి, పైకి కాదు, వెనకకు నెట్టాలె. తర్వాత వేలు పెట్టి చూస్తే ముక్కు కొన లెక్క గట్టిగ తాకేదే ముఖద్వారం. అది గిన్నె కింద దాగి ఉండాలె. లేకుంటే తీసి మల్ల పెట్టుకోవాలె.

నేను చేసిన తప్పు చెప్త. కాన్పుకు తల్లిగారింటికి దేవరకొండ వచ్చిన, ఐదు నెలలుండి మిర్యాలగూడ పోయిన. పెట్టెల పాత డయాఫ్రమ్ ఉంది కదా అని అదే వాడిన. నడుస్తుంటే కిందికి జారినట్టు అనిపించేది, నాకే అలవాటు తప్పింది అనుకున్న. ఆ నెల తొమ్మిది రోజులు లేటైంది. ఆ తొమ్మిది రోజులు నేను పడ్డ పరేషాన్ పగవాళ్లకు కూడ వద్దు. గర్భం కాలేదు గని, అది నా తెలివి కాదు. కాన్పయినంక కనీసం ఆరు వారాలు ఆగి మల్ల కొలత చూపించుకోవాలె. గర్భం పోయినా, ఒంటి బరువు మూడు కిలోలకు మించి పెరిగినా తగ్గినా అంతే. ఇక్కడ నాకు కొలిచేవాళ్లు దొరకక హైదరాబాద్ పోవాల్సొచ్చింది.

సమయం సంగతి గట్టిగ గుర్తు పెట్టుకో. వీర్యకణాలను చంపే జెల్లు లేకుండ డయాఫ్రమ్ ఒక్కటే చాలదు. పెట్టుకొని మూడు గంటలు దాటితే కలిసే ముందు మల్ల జెల్లు పెట్టాలె. కలిసినంక ఆరు గంటలు తియ్యొద్దు, మొత్తం మీద ఒక రోజుకు మించి ఉంచొద్దు. ఎక్కువసేపు ఉంచినా, నెలసరిల వాడినా, అరుదుగనే అయినా ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ రావచ్చు. ఉన్నట్టుండి పెద్ద జ్వరం, వాంతులు, ఎండకు కందినట్టు చర్మం ఎర్రబడుడు, కళ్లు తిరుగుడు ఉంటే వెంటనే తీసేసి దవాఖానకు పోవాలె, ఏం వాడుతున్నవో సిగ్గుపడకుండ చెప్పాలె.

నాకు ఎండకాలంల రెండుసార్లు మూత్రంల మంట వచ్చింది. దీని అంచు మూత్రనాళం మీద ఒత్తుతది, దానికి తోడు మనం మే నెలల కూడ పొద్దంతా నీళ్లు తాగం. కలిసినంక మూత్రానికి పోవుడు, నీళ్లు బాగ తాగుడు మొదలుపెట్టినంక తగ్గింది. తగ్గకపోతే వేరే సైజు, లేకుంటే వేరే పద్ధతి చూసుకోవాలె.

కడుగుడు గురించి ఒక ముచ్చట. నల్లగొండ నీళ్లంటే అందరు ఫ్లోరైడ్ అంటరు గని, దీనికి అసలు తంటా బోరు ఉప్పునీళ్లతోని. సబ్బు నురగ రాదు, ఆరినంక తెల్లటి పొర పడ్తది. నేను నల్లాకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లు గోరువెచ్చగ చేసి, వాసన లేని సబ్బుతో కడిగి, నీడకు ఆరబెట్టి డబ్బాల పెట్టేదాన్ని. పౌడర్ చల్లొద్దు, కొబ్బరి నూనె తాకనియ్యొద్దు. వాడే ముందు వెలుతురుకు పట్టి, నీళ్లు పోసి చిల్లి ఉందేమో చూడాలె. ఉమ్మడి ఇంట్ల ఆరబెట్టుడే పెద్ద సమస్య. మా అత్తమ్మ ఒకసారి "ఇది మిక్సీదా బిడ్డా?" అని అడిగింది.

ఇన్ని చేసినా, మామూలుగ వాడే 100 మందిల ఏడాదికి సుమారు 17 మందికి గర్భం వస్తది. హెచ్ఐవి లాంటివి ఇది ఆపదు. ఇప్పుడే ఇంకో కాన్పు అస్సలు వద్దనుకుంటే నీకు నేనిది చెప్పను. పైగ నేను అడిగిన మెడికల్ షాపుల డయాఫ్రమ్ లేదు, జెల్లు లేదు. మీ స్నేహితురాలు చెప్పిన నెలసరి కప్పు, అంటే నెలసరి రక్తం పట్టేది, వేరే వస్తువు, అది గర్భాన్ని ఆపదు.

బాబుకు నీ పాలు తప్ప ఇంకేం పెట్టకుండ, నెలసరి మొదలు కాకుండ ఉంటే ఆరు నెలల దాకా ఆ పాలే చాలావరకు కాపాడ్తయి. నీకు మిగిలింది ఒక్క నెల. ఆ లోపల పీహెచ్‌సీకి, అంటే మీ దగ్గరి సర్కారు దవాఖానకు పో. కాపర్ టి వేస్తరు, లేదంటే హార్మోన్ లేని ఛాయా మాత్ర ఇస్తరు, పాలిచ్చే తల్లులు వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. నీకు పడని మాత్రల పేరు రాసుకొని పో, అది చూస్తేనే వాళ్లు సరిగ్గా చెప్పగలుగుతరు. అప్పటిదాకా ఆశా అక్కను అడిగితే నిరోధ్ కండోమ్‌లు ఇస్తది.