షేర్డ్ డ్రైవ్‌లో సెర్చ్ సరిచేసే పని కెరీర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో సిస్టమ్ సపోర్ట్ చూస్తున్నాను. మొత్తం 18 సిస్టమ్స్. ఫైళ్లన్నీ విండోస్ 11 ప్రో ఉన్న ఒక మెషీన్‌లో, షేర్ చేసిన 200 జీబీ ఫోల్డర్‌లో ఉంటాయి. అందరికీ అది జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఏది వెతికినా నిమిషాలు పడుతోంది. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో జెడ్ డ్రైవే కనిపించడం లేదు. సెర్చ్ సరిచేయమని సార్ చెప్పారు. ఇలాంటి పనులతో కెరీర్ ముందుకు వెళ్తుందా, లేక ఇవన్నీ మానేసి కోడింగ్ కోర్సులో చేరాలా?

జవాబు: ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు ఈ పని పూర్తిచేయండి. ఫైల్ సర్వర్, పర్మిషన్లు, నెట్‌వర్క్, సెర్చ్ ఇండెక్స్ (ఏ పదం ఏ ఫైల్లో ఉందో ముందే రాసిపెట్టుకునే జాబితా) నాలుగూ ఇందులో ఒకేచోట తగులుతాయి. సిస్టమ్ అడ్మిన్ ఇంటర్వ్యూలో అడిగేవి దాదాపు ఇవే.

జెడ్ డ్రైవ్ కనిపించకపోవడం మీ సిస్టమ్ లోపం కాదు. విండోస్ ఇండెక్సర్ అనేది సిస్టమ్ ఖాతా కింద నడిచే సర్వీసు. జెడ్ అనే అక్షరమేమో లాగిన్ అయిన మనిషి సెషన్‌కే పరిమితం, కాబట్టి ఆ సర్వీసుకు అలాంటి డ్రైవ్ ఉందనే తెలియదు. పైగా సొంత డిస్కులో ఏ ఫైలు ఎప్పుడు మారిందో ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లను దాచే పద్ధతి) ఒక జర్నల్‌లో రాసుకుంటూ పోతుంది. ఇండెక్సర్ దాన్ని చూసి మారినవాటినే మళ్లీ చదువుతుంది. మీ ఫైళ్ల జర్నల్ అవతలి మెషీన్‌లో ఉంది, ఇక్కడి ఇండెక్సర్‌కు అది అందదు.

చాలామంది ఇక్కడే ఒక అడ్డదారి పడతారు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ పెడితే ఫైళ్ల కాపీ సొంత డిస్కులోకి వస్తుంది, ఇండెక్స్ కూడా అవుతుంది. ఒక్కరికి, ఒక చిన్న ఫోల్డర్‌కి అయితే మంచిదే. మీ లెక్క చూడండి: 100 ఎంబీపీఎస్ స్విచ్ అయితే సెకనుకు సుమారు 11.5 ఎంబీ వస్తుంది. 200 జీబీకి దాదాపు 5 గంటలు. 18 సిస్టమ్స్‌కీ ఒకే పోర్టు నుంచి పంపాలంటే మూడున్నర రోజులకు పైనే. ఇద్దరు ఒకే ఫైలును మారిస్తే సింక్ తగాదాలు వేరే. క్లయింట్ల పత్రాలు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ కాపీగా ఉండటం ఆడిటర్ ఆఫీసుకు అసలు పనికిరాదు. అన్నట్టు, హోమ్ ఎడిషన్ విండోస్‌లో ఈ సదుపాయమే ఉండదు.

ఫైళ్లు ఎక్కడ ఉంటే ఇండెక్స్ అక్కడే ఉండాలి. షేర్ చేసిన మెషీన్ దగ్గరే కూర్చుని ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరవండి. మాడిఫై నొక్కి, జెడ్ కాదు, అసలు ఫోల్డర్ ఉన్న డ్రైవ్ (ఉదాహరణకు డి) పాత్‌కు టిక్ పెట్టండి. అడ్వాన్స్‌డ్‌లో ఫైల్ టైప్స్ ట్యాబ్‌కు వెళ్లి పీడీఎఫ్, వర్డ్, ఎక్సెల్ రకాలకు ‘ఇండెక్స్ ప్రాపర్టీస్ అండ్ ఫైల్ కంటెంట్స్’ ఉందో లేదో చూడండి. ఇండెక్స్ సైజు మామూలుగా ఫైళ్ల సైజులో పదో వంతు లోపే ఉంటుంది. 20 జీబీ ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ ఉంటే అదే అడ్వాన్స్‌డ్‌లో ఇండెక్స్ లొకేషన్‌ను అక్కడికి మార్చండి. శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక మొదలుపెట్టండి, ఎందుకంటే మెషీన్ మీద ఎవరైనా పనిచేస్తుంటే ఇండెక్సర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మధ్యలో ఓపిక నశించి రీబిల్డ్ నొక్కితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

రేపు విండోస్ సర్వర్ కొంటే పద్ధతి ఇదే. కాకపోతే అక్కడ సర్వర్ మేనేజర్‌లో ఫీచర్ల జాబితా నుంచి ‘విండోస్ సెర్చ్ సర్వీస్’ను ముందు చేర్చుకోవాలి. ఆ డిస్కు మీద డేటా డీడూప్లికేషన్ (ఒకే డేటా పలుచోట్ల ఉంటే ఒక్క కాపీనే ఉంచే సదుపాయం) మాత్రం పెట్టకండి. డీడూప్లికేట్ అయిన ఫైళ్లను విండోస్ సెర్చ్ దాటవేస్తుంది. లైనక్స్ మీద నడిచే నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పెట్టె) అయితే దాని సొంత సెర్చ్ టూలే వాడాలి.

పని అయ్యాక వేరే సిస్టమ్ నుంచి షేర్ ఫోల్డర్ తెరిచి, ఏదైనా పీడీఎఫ్ లోపల మాత్రమే ఉన్న ఒక పదం కొట్టండి. ఫలితం వెంటనే వస్తే ఆ మెషీన్ ఇండెక్స్ జవాబిస్తోందని అర్థం. పైన ప్రోగ్రెస్ గీత నెమ్మదిగా పాకుతుంటే ఇంకా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తిరిగి వెతుకుతోందన్నమాట. అప్పుడు ఆ ఫోల్డర్ నిజంగా ఇండెక్స్‌లో ఉందా, విండోస్ సెర్చ్ సర్వీసు నడుస్తోందా చూసుకోండి.

కొన్నింటిని ఇండెక్స్ నుంచి తీసేయండి. టాలీ డేటా ఫోల్డర్‌లోని ఫైళ్లు రోజంతా మారుతూనే ఉంటాయి, వాటిలోని అక్షరాలు ఎలాగూ సెర్చ్‌కు దొరకవు. బ్యాకప్ జిప్‌లు, పాత ఇన్‌స్టాలర్లు కూడా వద్దు. ఇండెక్స్‌లో 4 లక్షల అంశాలు దాటితే వేగం తగ్గడం మొదలవుతుందని మైక్రోసాఫ్టే చెబుతోంది.

ఇంత చేసినా కొన్ని ఫైళ్లు దొరకవు, తిట్లు మీకే పడతాయి కాబట్టి కారణం ముందే తెలుసుకోండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉన్నది బొమ్మ, అక్షరాలు కాదు. దాన్ని ఓసీఆర్ చేయించాలి, అంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్పించాలి. మన ఆఫీసుల్లో ఇంకో పెద్ద చిక్కు అను ఫాంట్లు. అనులో టైప్ చేసిన పాత లెటర్లు తెర మీద తెలుగుగానే కనిపిస్తాయి, ఫైలులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే నిల్వ ఉంటాయి. యూనికోడ్‌లో ‘నోటీసు’ అని వెతికితే ఆ ఫైళ్లలో ఒక్కటీ తగలదు. తరచూ వాడే వాటిని యూనికోడ్‌లోకి మార్చి దాచండి, మిగతావాటికి క్లయింటు పేరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం వచ్చేలా ఫైలు పేరైనా మార్చండి. ఫైలు పేర్లతో వెతికితే చాలు అనుకునేవారికి ‘ఎవ్రీథింగ్’ అనే ఉచిత టూల్ ఉంది. అందులో షేర్‌ను ఫోల్డర్ ఇండెక్స్‌గా చేర్చి, రీస్కాన్ టైము పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది పర్మిషన్లు. విండోస్ సొంత సెర్చ్, ఎవరికి ఏ ఫైలు చదివే హక్కు ఉందో చూసే ఫలితాలు ఇస్తుంది. అడ్మిన్ ఖాతాతో వేరే టూల్ నడిపి దాని ఇండెక్స్‌ను అందరికీ ఇచ్చారో, జీతాల షీటులోని వరుసలు ఆర్టికల్ కుర్రాడి (సీఏ శిక్షణలో ఉన్నవాడి) తెర మీద కూడా రావచ్చు. ఇండెక్స్ మొదలుపెట్టే ముందే ‘ఎవ్రీవన్’ అని అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చిన ఫోల్డర్లను వెతికి సరిచేయండి. ఇన్నాళ్లూ ఎవరూ తెరవని మూల ఫోల్డర్లు కూడా ఇకపై ఒక్క పదంతో బయటికొస్తాయి. ఇంకొకటి సార్‌కు ముందే చెప్పండి: విండోస్ 11 ప్రో మెషీన్‌కు ఒకేసారి 20 పరికరాలే కనెక్ట్ కాగలవు. మీరు ఇప్పటికే 18 దగ్గర ఉన్నారు.

ఇక కెరీర్ సంగతి. డెస్క్‌టాప్ సపోర్ట్‌లో ఏళ్ల తరబడి ఉండిపోయేవారికి పని రాక కాదు, చేసిన పని వెనక కారణం చెప్పలేక ఆగిపోతారు. ఇంట్లో 16 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ ఉంటే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ వేసుకోండి, 180 రోజులు ఉచితం. యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లను, గ్రూపులను ఒకేచోట నిర్వహించే సేవ) పెట్టి, రెండు గ్రూపులు చేసి, ఒకరికి కనిపించే ఫైలు ఇంకొకరి సెర్చ్‌లో రాకుండా చేసి చూడండి. షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ రెండూ కలిస్తే ఏది చెల్లుతుందో చేతికి వచ్చేదాకా సర్టిఫికేషన్ జోలికి వెళ్లకండి. ఆ తర్వాత పవర్‌షెల్ (విండోస్ పనులను కమాండ్లతో చేయించే సాధనం), మైక్రోసాఫ్ట్ ఎండీ-102 (ఆఫీసు సిస్టమ్స్ నిర్వహణ మీద పరీక్ష), నెట్‌వర్క్ వైపు ఆసక్తి ఉంటే సిస్కో సర్టిఫికేషన్ సీసీఎన్‌ఏ.

కోడింగ్ మీద నిజంగా మనసుంటే ఇదే పని అటూ దారి తీస్తుంది. ఏ పదం ఏ ఫైల్లో ఉందో రాసిపెట్టుకునే ఇన్‌వర్టెడ్ ఇండెక్సే లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీలో, దాని మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఉన్నది కూడా. పైథాన్‌తో వంద టెక్స్ట్ ఫైళ్లకు అలాంటి ఇండెక్స్ మీరే రాసి చూడండి. ఆ పని ఆనందంగా అనిపిస్తే అప్పుడు కోర్సు ఫీజు కట్టండి.

రెజ్యూమెలో ‘సిస్టమ్ సపోర్ట్’ అని ఒక్క ముక్కతో వదలకుండా ఇలా రాయండి: 18 యూజర్లు, 200 జీబీ షేర్, సర్వర్ వైపు ఇండెక్స్, పర్మిషన్ల సమీక్ష, సెర్చ్ సమయం ముందు ఎంత, తర్వాత ఎంత. ఆ ‘ముందు’ అంకె కావాలంటే, ఏదీ మార్చకముందే ఈరోజే నాలుగు పదాలు వెతికి, పట్టిన సమయం రాసిపెట్టుకోండి.