పేరొకటే, బండి వేరు
పాత బండ్లు: ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పేర్ల తికమకే. ఒక పేరుతో తుపాకీ, ఊరు, మోటారు సైకిలు. ఇంకో పేరుతో స్కూటరు, బస్సు, విమానం. సరదాకి అడిగినవాళ్లు కొందరైతే, పేరు చూసి స్పేర్లు కొని డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువమంది. ఆ రెండో రకానికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా తాత కాలం నాటి రాలీ సైకిల్ ఇంట్ల ఉన్నది. హ్యాండిల్ దగ్గర లొడలొడ అంటుందని కొత్త హెడ్ కప్పులు తెచ్చిన. పై కప్పు రెండు చుట్లు తిరిగి బిగుసుకపోతున్నది. షాపాయన గట్టిగ తిప్పితే అదే పోతది అంటున్నడు. నెట్‌ల రాలీ అని కొడితే అమెరికా ఊరు చూపెడుతున్నది. ఇది అమెరికా సైకిలా?
– హనుమకొండ పాఠకుడు

జవాబు: ముందు షాపాయన చెయ్యి ఆపండి. ఇంకో చుట్టు తిప్పితే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కాడ) థ్రెడ్, అంటే మర, కొట్టుకుపోతుంది. కప్పు ఎక్కడైనా దొరుకుతుంది, ఆ ఫోర్కు దొరకదు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్ర రాజధాని పేరు రాలీ. మీ సైకిల్‌కు ఆ పేరు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పట్నంలో రాలీ స్ట్రీట్ అనే వీధి నుంచి వచ్చింది. ఊరికీ వీధికీ కూడా మూలం సర్ వాల్టర్ రాలీ అనే ఒకే మనిషి. అంతకుమించి చుట్టరికం లేదు. మన దేశంలో బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ కూడా ఈ పేరుతో సైకిళ్లు చేసింది. కాబట్టి హెడ్ బ్యాడ్జి మీద నాటింగ్‌హామ్, ఇంగ్లండ్ అని ఉందో, సేన్-రాలీ అని ఉందో మొదట చూడండి. వెనక హబ్బు (చక్రం నడిమి డొప్ప) స్టర్మీ-ఆర్చర్ కంపెనీ గేర్లదైతే దాని డొప్ప మీద తయారైన సంవత్సరం చివరి అంకెలు కొట్టి ఉంటాయి. సైకిల్ వయసు తేల్చడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు, హబ్బు మారి ఉండకపోతే.

ఇక బిగుసుకుపోవడం సంగతి. మామూలు సైకిళ్ల ఫోర్కుకు అంగుళానికి 24 థ్రెడ్లు. నాటింగ్‌హామ్ రాలీది సొంత లెక్క, అంగుళానికి 26. బయటి కొలత రెండిటికీ 1 అంగుళమే, అందుకే కప్పు మొదట ఎక్కుతుంది, చుట్టు చుట్టుకూ తేడా పెరిగి పట్టేస్తుంది. లేత్ షాపులో థ్రెడ్ గేజ్ పెట్టించండి. అది లేకపోతే స్కేలు ఆనించి అర అంగుళంలో గాట్లు లెక్కపెట్టండి. 13 వస్తే రాలీ థ్రెడ్డు, 12 వస్తే మామూలుది.

నిజానికి కప్పులు మార్చే అవసరం చాలాసార్లు ఉండదు. అరిగేవి బాల్సు. పైన 25, కింద 25, సైజు 5/32 అంగుళం. పాత కప్పును కిరోసిన్‌తో కడిగి గోరుతో గీసి చూడండి. గుంటలు తగలకపోతే కొత్త బాల్సు, కొత్త గ్రీజు చాలు. గుంటలు పడితే పాత సామాన్ల షాపులో నాటింగ్‌హామ్ సైకిల్ కప్పే వెతకాలి. పెడల్ ఇరుసు దగ్గర కప్పులకూ ఇదే గొడవ, 1-3/8 అంగుళాల వ్యాసంలో 24కు బదులు 26 థ్రెడ్లు. అక్కడ ఒక్కో వైపు పావు అంగుళం బాల్సు 11. చైన్ వైపు కప్పుకు ఎడమ థ్రెడ్ ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. తెలియక ఉల్టా తిప్పి పానా జారి కప్పు చెవులు విరగ్గొట్టిన సైకిళ్లు ప్రతి షాపులో ఉంటాయి. క్రాంకు పిన్నులు (పెడల్ కాడను ఇరుసుకు బిగించే మేకులు) కూడా కొలిచి కొనండి. రాలీకి 9.5 మి.మీ., 9 మి.మీ.వి కూడా బజారులో ఉంటాయి. సన్నపిన్నుకు రేకుముక్క చుట్టి కొట్టేస్తే నెలలో మళ్లీ వదులవుతుంది, క్రాంకు కన్ను కూడా అరుగుతుంది. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కులో దిగాలి, లేకపోతే పెడళ్లు ఒకే గీతలోకి రావు.

ప్రశ్న: 1857 తిరుగుబాటుకు కారణమైన ఎన్‌ఫీల్డ్ తుపాకీ, మా బుల్లెట్ ఒక్క కంపెనీయేనా? ఇంకో మాట, బుల్లెట్ 350 పిస్టన్ తెప్పిస్తే బోరుల పట్టలే. ఎందుకు?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఒకటి కాదు. ఎన్‌ఫీల్డ్ ఉత్తర లండన్‌లో ఉన్న ఊరు. అక్కడి ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ పేరు మీదే 1853 నమూనా రైఫిల్‌కూ, తరవాత లీ-ఎన్‌ఫీల్డ్‌కూ ఆ పేరు. బండ్ల కంపెనీ రెడిచ్ అనే వేరే ఊళ్లోది. ఆ ఫ్యాక్టరీకి తుపాకీ విడిభాగాలు చేసి ఇచ్చే కాంట్రాక్టు దొరికిన ఉత్సాహంలో తమ సైకిళ్లకు ఎన్‌ఫీల్డ్ అనీ, ఆపై రాయల్ ఎన్‌ఫీల్డ్ అనీ పేరు పెట్టుకున్నారు. ఫిరంగి బొమ్మ, ‘తుపాకీలా తయారైనది’ అన్న నినాదం అందులోంచి వచ్చినవే. 1955లో మద్రాసులో మొదలైన కంపెనీ పేరు ఎన్‌ఫీల్డ్ ఇండియా. మీ పాత ఆర్‌సీలో ‘రాయల్’ లేకపోతే గుమాస్తా తప్పు రాశాడనుకోకండి.

పిస్టన్ సంగతికి వస్తే, బుల్లెట్ అన్న పేరు 1930ల నుంచి నడుస్తోంది, దాని కింద ఇంజన్లు మాత్రం మారుతూ వచ్చాయి. మన రోడ్ల మీద నాలుగు రకాలున్నాయి: పోత ఇనుప బోరు (పిస్టన్ ఆడే సిలిండరు) పాతది, అల్యూమినియం బోరు ఏవీఎల్, ఇంజన్-గేరుబాక్సు ఒకే డొప్పలో ఉన్న యూసీఈ, 2023లో వచ్చిన జే సిరీస్. మొదటి మూడిటికీ బోరు వ్యాసం 70, స్ట్రోకు (పిస్టన్ నడిచే దూరం) 90 మి.మీ., అంటే 346 సీసీ. జే సిరీస్‌కు 72, 85.8, అంటే 349 సీసీ. ‘350’ అని అడిగితే నాలుగింట్లో ఏదైనా చేతిలో పెడతారు. మొదటి మూడింటి బోరు కొలత ఒకటే కదా అని పిస్టన్లు మార్చి వేయడం కూడా కుదరదు.

గేరుబాక్సు ఇంజనుకు విడిగా ఉండి, బోరు ఇనుపదై అయస్కాంతం అతుక్కుంటే మీది పాతరకం. అప్పుడు ‘కాస్ట్ ఐరన్ బుల్లెట్’ అని చెప్పి అడగండి. అదివరకే ఎంత బోరు కొట్టించారో పాత పిస్టన్ నెత్తి మీద 25, 50 అని కొట్టి ఉంటుంది. అంటే 0.25, 0.50 మి.మీ. ఎక్కువ సైజు. బోరును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిపించాలి. పిస్టన్ చేతికొచ్చాకే దాన్ని లేత్ షాపులో ఇచ్చి, దానికి సరిపడా బోరు కొట్టించాలి. ముందు బోరు కొట్టించి తరవాత పిస్టన్ వెతికేవాళ్లే ఎక్కువ. వదులైతే టకటక కొడుతుంది, బిగువైతే వేడెక్కి పట్టేస్తుంది. మళ్లీ బిగించాక టాపెట్లు (వాల్వుల సందు) చల్లని ఇంజన్ మీదే సెట్ చేయాలి: పుష్‌రాడ్ (వాల్వును తెరిపించే కడ్డీ) వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకి కిందికి మాత్రం ఆడకూడదు. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే ప్లాటినం పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ.

ప్రశ్న: ఆల్విన్ పుష్పక్ స్కూటర్ కొన్న. ఆల్విన్ అంటే ఫ్రిజ్ కంపెనీ కదా? స్పేర్ల కోసం పుష్పక్ అని వెతికితే ఎయిర్‌పోర్ట్ బస్సు టైమింగులు వస్తున్నయి. బజాజ్ మెకానిక్ గేర్ ఆయిల్ పోసిండు, గేర్లు గరగర అంటున్నయి.
– కాజీపేట పాఠకుడు

జవాబు: ఆ ఫ్రిజ్ కంపెనీదే. హైదరాబాద్ ఆల్విన్ 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి పెట్టిన సంస్థ. బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, సీకో సహకారంతో చేతి గడియారాలు, జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు, అన్నిటి మీదా ఒకే పేరు. పాత ఇళ్లల్లో బీరువా మీదో ఫ్రిజ్ మీదో ఆ అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. పుష్పక్ పేరుకైతే గిరాకీ మరీ ఎక్కువ: హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) చేసిన రెండు సీట్ల శిక్షణ విమానం, ఆర్టీసీ ఎయిర్‌పోర్ట్ బస్సు, ఇస్రో రన్‌వే మీద దింపిన రెక్కల వాహనం, మీ స్కూటరు. మూలం మాత్రం రామాయణంలో కుబేరుడి విమానమే.

మీ బండి ఇటలీ స్కూటరు లాంబ్రెట్టా జాతిది, లక్నోలో తయారైన విజయ్ సూపర్ స్కూటరుకు దగ్గరి బంధువు. స్పేర్లు ఆ రెండు పేర్లతో అడగండి, పుష్పక్ అని అడగొద్దు. బోరు 57, స్ట్రోకు 58 మి.మీ., 148 సీసీ. బజాజ్‌కు ఇంజన్ కుడి పక్కకు ఒరిగి ఉంటుంది, ముందు చక్రాన్ని ఒకవైపు కాలే పట్టుకుంటుంది. లాంబ్రెట్టాకు ఇంజన్ నడిమధ్యన, ముందు చక్రానికి రెండు వైపులా కాళ్లు.

గరగరకు కారణం ఆయిలే అయ్యుండాలి. బజాజ్ గేరుబాక్సుకు ఎస్‌ఏఈ 30 (ఆయిల్ చిక్కదనం లెక్క) రకం సుమారు 250 మి.లీ. చాలు. లాంబ్రెట్టాలో ఇంజన్ నుంచి క్లచ్‌కు డబుల్ చైను నడుస్తుంది, దానికీ గేర్లకూ కలిపి ఎస్‌ఏఈ 90 రకం 700 మి.లీ. కావాలి. మీ మెకానిక్ అలవాటు కొద్దీ బజాజ్ కొలత పోసి ఉంటాడు. ఇంజన్ వేడి చేసి కింది బోల్టు విప్పి మొత్తం దించండి. వచ్చిన ఆయిల్‌ను తెల్లగుడ్డలో వడకట్టండి. వెండి పొడిలాంటిది కొంచెం ఉంటే పర్వాలేదు, గోటికి తగిలే ముక్కలు ఉంటే నడపకుండా డొప్ప విప్పించాలి. పొరపాటు ఉల్టాగా కూడా జరుగుతుంది. బజాజ్‌లో 90 పోస్తే క్లచ్ పట్టినా విడవదు, పొద్దున ఫస్టు గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది.

ప్రశ్న: చేతక్ బ్రేక్ కేబుల్, టైరు ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే కరెంటు చేతక్ సామాను వచ్చింది.
– పెద్దపల్లి పాఠకురాలు

జవాబు: రాణా ప్రతాప్ గుర్రం పేరును సైన్యం హెలికాప్టరూ, 1972 నాటి స్కూటరూ, ఇప్పటి ఎలక్ట్రిక్ స్కూటరూ పంచుకున్నాయమ్మా. ‘పాత టూ స్ట్రోక్ చేతక్’ అని రాసి, సంవత్సరం చేర్చండి. టైరు సైజు 3.50-10. కేబుల్‌ను పేరుతో కాక పాతదాన్ని చాపి, లోపలి తీగ పొడవు, బయటి తొడుగు పొడవు విడివిడిగా కొలిచి తెప్పించుకోండి.

ప్రశ్న: రాజ్‌దూత్ అన్నా అంబాసిడర్ అన్నా ఒకటే అర్థం కదా. రెండూ ఒకే కంపెనీయా? అంబాసిడర్ పిస్టన్లు విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?
– మంచిర్యాల పాఠకుడు

జవాబు: కాదు. రాజ్‌దూత్ ఫరీదాబాద్ ఎస్కార్ట్స్ బండి, దాని 175కు ఆధారం పోలండ్ ఎస్‌హెచ్‌ఎల్ మోటారు సైకిలు. అంబాసిడర్ కలకత్తా దగ్గర ఉత్తరపాడా హిందుస్థాన్ మోటార్స్‌ది, 2014 వరకు తయారైంది.

తెప్పించుకోవచ్చు, కానీ అంబాసిడర్ అని మాత్రం అడగొద్దు. అమెరికాలో నాష్ కంపెనీ కారుకూ అదే పేరు, ఇంగ్లండ్‌లో విలియర్స్ ఇంజన్ల మోటారు సైకిలుకూ అదే పేరు, 1980ల ఆస్టిన్ కారు ఒకటీ అదే. మీ కారు అసలు రూపం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, ఇంజన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ 1489 సీసీ. ఈ రెండు మాటలూ రాయండి. దానికి పెట్రోలా డీజిలా అన్నది కూడా తప్పక చేర్చండి. అంబాసిడర్ డీజిల్ ఇంజన్ కూడా 1489 సీసీయే, పిస్టన్లు మాత్రం పూర్తిగా వేరు. 1990లలో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌దైతే ఇసుజు ఇంజన్, బీఎంసీ సామాను దానికి పనికిరాదు. ఇంజన్ హెడ్ విప్పి బిగించాక ప్లగ్గు వైర్లు కలిసిపోతే, బీ సిరీస్ ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2.

ప్రశ్న: మా నాయన 1971ల కొన్న జావా. ట్యాంకు మీద యెజ్డి అని ఉంది. వింటేజ్ నంబర్ ఇస్తరా? జావా దీవికీ దీనికీ సంబంధం ఉందా?
– జగిత్యాల పాఠకుడు

జవాబు: దీవితో సంబంధం లేదు. చెక్ దేశపు యానెచెక్, జర్మనీ వాండరర్, ఈ రెండు పేర్ల మొదళ్లు కలిపితే జావా. మైసూరు ఐడియల్ జావా 1973 నుంచి యెజ్డి పేరు వాడింది. కాబట్టి మీ 1971 బండి ట్యాంకు తరవాతెప్పుడో మారింది. ట్యాంకు మార్చుకోవచ్చు, దానికంటే ముందు ఇంజన్ నంబరు చూడండి. రెండు బండ్ల 250 ఇంజన్లకూ బోరు 65, స్ట్రోకు 75 మి.మీ. కావడంతో యెజ్డి ఇంజన్లు జావాలకు ఎక్కించడం బాగా జరిగింది. ఆర్‌సీలో ఉన్న నంబరూ డొప్ప మీది నంబరూ ఒకటి కాకపోతే ముందు ఆ లెక్క ఆర్టీవో ఆఫీసులో సరిచేయించుకోవాలి.

2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేయని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు), ఇన్సూరెన్సు, పాత ఆర్‌సీ కావాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, ఆ తరవాత రెన్యూవల్‌కు 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ వస్తుంది. ఆ తరవాత బండిని ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలుకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. మీరు ఆదివారం ధర్మపురి దాకా వెళ్లొచ్చే మనిషైతే ఇది మీకు పనికిరాదు. ఫారం 25తో అయిదేళ్లకోసారి మామూలు రెన్యూవలే చేయించుకోండి.

ప్రశ్న: చెన్నై నుంచి పాత హెడ్‌లైట్ అద్దం ట్రాన్స్‌పోర్టుల తెప్పిస్తే ఇంకో ఘన్‌పూర్‌కు పోయి, పగిలి వచ్చింది. ఏం చెయ్యాలె?
– స్టేషన్ ఘన్‌పూర్ పాఠకుడు

జవాబు: మీది జనగామ జిల్లా. కోటగుళ్లున్న ఘనపురం భూపాలపల్లి జిల్లాలో, ఖిల్లా ఘన్‌పూర్ వనపర్తి జిల్లాలో ఉన్నాయి. ఊరి పేరు పూర్తిగా, జిల్లా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు నాలుగూ పెట్టె రెండు పక్కలా రాయమనండి. ఇంటి దాకా రప్పించకుండా, మీరే వెళ్లి తెచ్చుకునేలా వరంగల్ గోదాముకే బుక్ చేయిస్తే ఇంకా మంచిది. అద్దాన్ని పాత ట్యూబు ముక్కల్లో చుట్టి, అంచు మీద నిలబెట్టి ప్యాక్ చేయమనండి. పడుకోబెడితే పై బరువుకు నడిమికి పగులుతుంది. సంతకం పెట్టకముందే గోదాములో విప్పి చూడండి, పగిలి ఉంటే ఆ మాట రశీదు మీదే రాయించండి.