పానం మీదికి తెచ్చుకునే ప్రయాణాలు ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడు బైక్ మీద లడాఖ్ పోతనంటున్నడు. అమ్మ తిండి మానేసింది. పానం మీదికి తెచ్చుకునే ప్రయాణాలు ఎందుకు చేస్తరండీ మనుషులు?
- ఒక అక్క, హన్మకొండ

జవాబు: అక్కా, అమ్మ భయం అబద్ధం కాదు. ఎవరెస్ట్ ఎందుకు ఎక్కుతవని 1923ల ఇంగ్లండు కొండలెక్కేటాయన జార్జ్ మాలరీని అడిగితే అది అక్కడ ఉంది కాబట్టి అన్నడట, మరుసటేడు ఆ కొండ మీదనే పోయిండు, శవం 1999ల గానీ దొరకలే. నాకైతే ఆ జవాబు సరిపోదు. మన నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణని చూడుండ్రి, కూలి పని చేసుకునే ఇంటి పిల్ల, గురుకులంల చదువుకుంట భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని ఎక్కుడు నేర్చుకొని 2014 మే 25న 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, ఆడపిల్లలు ఏదైనా చేస్తరని చూపియ్యాలన్నదే ఆమె పట్టుదల. మరి జగిత్యాల, సిరిసిల్ల నుంచి అప్పు తెచ్చి దుబాయ్ పోయేటోళ్లది సరదానా? బిడ్డ పెండ్లి, ఎండిన బోరు, అదే వాళ్లను తరుముతది. నన్నడిగితే అందరికంటే ధైర్యం వాళ్లదే.

మీ తమ్మునికి ఏం కావాలో కూసోబెట్టి అడగుండ్రి, తిట్టకుండ్రి. పోతే మాత్రం లేహ్‌ల రెండు మూడు రోజులు ఆగినంకనే ఖర్దుంగ్ లా అనే కొండ కనుమ ఎక్కమనుండ్రి, అది 17 వేల అడుగుల పైనే, గాలి పల్చగుంటది, తలనొప్పి, వాంతులు మొదలైతే మొండికి పోకుండా వెంటనే కిందికి దిగాలె. ఒక్కడే అస్సలు పోవద్దు.